"జీపు పార్టులే కదా, విమానానివి కాదుగా!" పాత మహీంద్రా 540 జీపు కొనబోయేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

కోపం ఇంకా దిగలేదు. రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి.

పాత జీపుల కోసం వెతికేవాళ్లలో ఆ షెడ్డు ఆయన తెలియనివాళ్లు ఉండరు. పేరు రాయను. వీడియోల్లో బానెట్ మీద చెయ్యేసి "మన దగ్గర దాపరికం ఉండదు ఫ్రెండ్స్" అంటాడు చూడండి, ఆయనే. ఈ రోజు పొద్దున్న ఆకుపచ్చ బండి ఒకటి అమ్మకానికి పెట్టాడు. అది చూశాకే రాయడానికి కూర్చున్నాను. లేకపోతే నలుగురిలో పరువు పోతుందని నోరు మూసుకునేవాడినే.

నేను కొన్నది 1991 మహీంద్రా ఎంఎం 540. "ఒరిజినల్ ప్యూజో ఇంజన్, ఫోర్ బై ఫోర్ వర్కింగ్, చిన్నచిన్న పనులు చేయించుకుంటే రోడ్డెక్కడమే" అని యాడ్. 2,85,000 చెప్పాడు, 2,60,000కి దిగాడు. పాతిక వేలు తగ్గించానని ఇంటికొచ్చి మా ఆవిడ ముందు ఎన్ని గొప్పలు పోయానో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతోంది. యాభై వేలు ఫోన్‌లో అడ్వాన్సు కొట్టాను, మిగతాది చేతికి నగదు. రసీదు అడిగితే "మన మధ్య రసీదులేంటి సార్" అన్నాడు. మన మధ్య అట! ఆయన మొహం చూసి అప్పటికి గంట కూడా కాలేదు.

నేను మరీ అంత వెర్రివాడిని కాదని చెప్పుకోవడానికి ఒక్కటుంది. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీశాను. ఆర్సీతో అంకె అంకె పోల్చాను. సరిపోయింది. అక్కడితో నేనేదో పెద్ద సీఐడీనని ఫీలైపోయాను. ఇంజన్ నంబరు దగ్గరికొస్తే అక్కడ గ్రీజు, మట్టి కలిసి రాయిలా గట్టిపడి ఉంది. "డీజిల్ పోసి తుడిస్తే కనపడుద్ది సార్, డెలివరీ లోపు తుడిపిస్తా" అన్నాడు. సరే అన్నాను. పుల్లతో గీకినా కనపడేదేమో. గ్రీజు అంటుతుందని గీకలేదు. పాత జీపు కొనడానికి తెల్ల చొక్కా వేసుకెళ్లిన మహానుభావుణ్ణి మరి.

ఇంకా సిగ్గుచేటు విషయం చెప్తాను. 540లో వచ్చే ప్యూజో ఇంజన్, ఎక్స్‌డీపీ 4.90 అంటారు, నాలుగు సిలిండర్లు, 90 మిల్లీమీటర్ల బోరు, 2112 సీసీ. డీజిల్‌ని నేరుగా సిలిండర్‌లోకి కాకుండా హెడ్డులో ఉన్న చిన్న గదిలోకి చిమ్మే రకం. అందుకే పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు ఆ గదిని వేడిచేసే హీటర్ పెట్టి ఆగాలి. ఇది నేను పుస్తకంలో చదివింది కాదు. మా నాన్నగారి ఆఫీసు జీపు డ్రైవర్ గారు నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, హీటర్ తిప్పి, "పది దాకా లెక్కపెట్టు బాబూ" అని నాతో లెక్కపెట్టించి అప్పుడు స్టార్ట్ చేసేవారు. నాకు అంకెలు వచ్చిందే ఆ జీపులో. అలాంటి నేను షెడ్డులో నిలబడి ఉంటే ఆయన "హీటర్ అవసరమే లేదు సార్, చూస్కోండి" అని తాళం తిప్పాడు, ఒక్క సెల్ఫ్‌కి అందుకుంది. ఆహా, ముప్పై అయిదేళ్ల ఇంజన్ ఎంత కండిషన్‌లో ఉందో అని మురిసిపోయాను! హీటర్ అవసరం లేకపోవడానికి కారణం, అది ప్యూజోయే కాదు. డీఐ ఇంజన్, అంటే డీజిల్‌ని నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే రకం. జనాల్ని ఎక్కించుకుని సర్వీసు తిరిగే ఏ కమాండర్ జీపులోంచో పీకి పెట్టారు. డీఐ చెడ్డదని నేననడం లేదు, మైలేజీ కోసం అదే కావాలని వేయించుకునేవాళ్లున్నారు. డీఐ అని చెప్పి అమ్మి చావొచ్చుగా.

సరే, అసలు కథ ముందు షాఫ్ట్‌ది, అంటే ఫోర్ వీల్ వేసినప్పుడు ముందు చక్రాలకి ఇంజన్ శక్తిని చేరవేసే ఇనుప కడ్డీది.

బండి కింద వంగి చూసింది నేను కాదు, మా బావమరిది. "బావా, ముందు షాఫ్ట్ లేదు" అన్నాడు. షెడ్డాయన తడుముకోలేదు. "సిటీలో ఫోర్ వీల్ ఎందుకని తీసి పక్కన పెట్టాం సార్, బండి ఫ్రీగా నడుస్తుంది. కావాలంటే పది నిమిషాల్లో బిగిస్తాం" అన్నాడు. కావాలన్నాను. పద్దెనిమిదేళ్లుంటాయేమో, ఒక కుర్రాడు షాఫ్ట్ తెచ్చి కింద దూరాడు. రెండు బోల్టులు బిగించి, తల బయటికి పెట్టి, నా వైపు చూసి, "సార్, ఫోర్ వీల్ మాత్రం..." అన్నాడు.

అంతే. అంతవరకే.

"ఒరేయ్, సార్ వాళ్లకి టీ చెప్పలేదేంట్రా? లే, పో!" అన్నాడు షెడ్డాయన. కుర్రాడు లేచి, గుడ్డకి చేతులు తుడుచుకుంటూ వెళ్లాడు. మిగతా బోల్టులు ఇంకెవరో బిగించారు. టీ బాగుంది. అల్లం వేశారు. రెండో గ్లాసు కూడా అడిగి తాగాను.

రెండో ఆదివారం బండిని మా ఊరి దగ్గర గోదావరి లంకలోకి దింపాం. ఇసుకలోకి వెళ్లగానే ఫోర్ వీల్ వేశాను. వెళ్తోంది కానీ ఎవరో వెనక నుంచి తాడు కట్టి పట్టుకున్నట్టు బిగుసుకుంటూ వెళ్తోంది. పాత బండి కదా, అలవాటు పడాలేమో అనుకున్నాను. ఇసుక దాటి గట్టు దారిలో గట్టి నేల మీదకి వచ్చాక ఫోర్ వీల్ తీసేద్దామని లివర్ లాగితే రాలేదు. ఇద్దరం కలిసి లాగాం. రాలేదు. పై నుంచి ఇంకో వాహనం వస్తోంది, పక్కకి తీద్దామని కొంచెం ముందుకి పోనిచ్చాను. కింద ధడేల్‌మంది. దిగి చూస్తే ట్రాన్స్‌ఫర్ కేసు, అదే ఇంజన్ శక్తిని ముందు వెనక షాఫ్టులకి పంచే గేర్ల పెట్టె, పగిలి నూనె కారిపోతోంది. పుచ్చకాయలు తోలుతున్న ట్రాక్టరు వాళ్లు గొలుసు కట్టి ఊళ్లోకి లాగారు, 1,500. వాళ్లలో ఒక పెద్దాయన "ఈ మధ్యే కొన్నారా అండీ?" అని అడిగారు. అవునన్నాను. ఇంకేమీ అనలేదు. తల ఊపారంతే.

తెలిసినవాళ్లు చెప్తే విజయవాడ ఆటోనగర్‌లో జీపుల పనే చేసే ఒక మేస్త్రి దగ్గరికి వ్యాన్‌లో ఎక్కించి తీసుకెళ్లాను. ఆయన ముందు, వెనక ఇరుసుల మధ్యలో ఉండే డిఫరెన్షియల్ గేర్ల కవర్లు రెండూ విప్పించి పళ్లు లెక్కపెట్టి చూపించారు. షాఫ్ట్ తిప్పే చిన్న పళ్ల చక్రం, అదే పినియన్, దానికి రెండు వైపులా 8 పళ్లే. పినియన్ తిప్పే పెద్ద పళ్ల చక్రం క్రౌన్. ముందు క్రౌన్‌కి 43, వెనక క్రౌన్‌కి 39. అంటే చక్రం ఒక చుట్టు తిరగాలంటే షాఫ్ట్ ముందు వైపు 5.38 చుట్లు, వెనక వైపు 4.88 చుట్లు తిరగాలి. ఫోర్ వీల్ వేస్తే ట్రాన్స్‌ఫర్ కేసు రెండు షాఫ్టుల్నీ ఒకే స్పీడులో తిప్పుతుంది. అప్పుడు వెనక చక్రాలు వంద చుట్లు తిరిగే లోపు ముందువి తొంభై ఒకటి దగ్గరే ఉంటాయి. ఒకే బండికి నాలుగు చక్రాలు, వెనకవి తోస్తుంటే ముందువి ఆపుతుంటాయి. ఇసుకలో టైర్లు జారి ఎలాగోలా సర్దుకుంటాయి. గట్టి నేల మీద జారడానికి వీల్లేదు, ఆ బిగువంతా మధ్యలో ఉన్న ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతుంది. అందుకే లివర్ రాలేదు, అందుకే పగిలింది.

ఇదంతా చెప్పి మేస్త్రి గారు ఓ మాటన్నారు. "ముందు షాఫ్ట్ ఊరికే విప్పి పెట్టలేదండీ. తెలిసే విప్పారు."

అప్పుడు గుర్తొచ్చింది నాకు ఆ టీ.

ఈ బండ్లకున్న వరమూ శాపమూ ఒకటే. 1940ల విల్లీస్ జీపు దగ్గర మొదలై ఒకదాని మీద ఒకటిగా వచ్చిన మోడళ్లు కాబట్టి దీని పార్టు దానికి, దాని పార్టు దీనికి బిగుస్తుంది. బిగిసింది కాబట్టి సరిపోయిందనుకుంటాం. నా బండిలో మేస్త్రి గారు ఇంకా ఏమేం తీశారో వినండి. ముందు ఎడమ బ్రేకు వీల్ సిలిండర్ ఒక సైజు, కుడిది ఇంకో సైజు. బ్రేకు తొక్కితే బండి ఓ పక్కకి లాగుతుంటే నేను రోడ్డు వాలు అనుకున్నాను. ఆ రోడ్డు వాలు అన్ని రోడ్ల మీదా ఉండేది! వైపర్ మోటారు 24 వోల్టులది, ఏ లారీదో. బండి బ్యాటరీ 12 వోల్టులు. వాన వెలిశాక నిదానంగా ఓసారి తుడుస్తుంది, దండం పెట్టినట్టు. మీటరు బోర్డు, రేడియేటరు గురించి ఆయన చెప్పబోతే నేనే వద్దన్నాను.

మూడుసార్లు చేస్తే నాలుగోసారి ఎత్తాడు షెడ్డాయన ఫోన్. డబ్బు చేతిలో పడేదాకా "సార్". డెలివరీ రోజున "బ్రదర్". ఈసారి ఏం పిలుస్తాడో అనుకుంటూనే, వీలైనంత మర్యాదగా, ముందొక క్రౌన్ వెనకొక క్రౌన్ ఉన్నాయండీ, మీరు చూసుకోలేదేమో అన్నాను. చూసుకోలేదేమో అట, నేనే దారి చూపిస్తున్నాను ఆయనకి.

"అయితే ఏంటి? జీపు పార్టులే కదా, విమానానివి కాదుగా?"

అవతల నవ్వులు. ఒకరివి కాదు, ముగ్గురు నలుగురివి. స్పీకర్‌లో పెట్టాడని అప్పుడర్థమైంది. బేరానికొచ్చినవాళ్లెవరో ఎదురుగా ఉన్నట్టున్నారు, వాళ్ల ముందు నన్ను ఆడిస్తున్నాడు. నాకు చెవులు వేడెక్కిపోయాయి. మీకు ముందే తెలుసా, అందుకే షాఫ్ట్ విప్పారా అని అడిగాను.

"తెలిస్తే ఏంటి, తెలియకపోతే ఏంటి? చూసుకున్నావ్, బేరమాడావ్, కొన్నావ్. టీ కూడా తాగి వెళ్లావ్."

మళ్లీ నవ్వులు.

రెండు లక్షల అరవై వేలు పోయినందుకు పడని బాధ ఆ టీ మాటకి పడ్డాను. మూడు రోజులుగా స్నానం చేస్తున్నా, అన్నం తింటున్నా దానికి సమాధానాలు తడుతున్నాయి. ఒకదాన్ని మించి ఒకటి. ఆ క్షణాన మాత్రం నా నోట్లోంచి వచ్చిందేంటో తెలుసా? "సరేనండీ, ఉంటాను." ఉంటాను అట! ఫోన్ పెట్టేశాక మా బావమరిది నా వైపు చూడకుండా గోడ మీద క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాడు.

ఇక కాగితాల సంగతి. మేస్త్రి గారి కుర్రాడు డీజిల్ పోసి తుడిస్తే ఇంజన్ నంబరు చక్కగా కనపడింది. ఆర్సీలో ఉన్నదానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఆర్సీ గడువు ఇంకో నాలుగు నెలల్లో అయిపోతోంది. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి ఐదేళ్లకోసారి రిన్యూవల్ చేయించాలి కదా, ఇరవై ఏళ్లు దాటిన కార్లు, జీపులకి ఆ ఫీజుని 2025 ఆగస్టులో పదివేలు చేశారు. పోనీ ఆ పదివేలూ కడదామన్నా, బండిని ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెడితే నంబరు కలవదు. ఇంజన్ మారిస్తే ఆర్సీలో ఎక్కించాలి, ఎక్కించాలంటే ఆ ఇంజన్ ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం చూపించాలి. ఆ కాగితం షెడ్డాయన దగ్గర ఉందో లేదో అడుగుదామంటే నా నంబరు బ్లాక్ చేశాడు. కన్స్యూమర్ కోర్టుకి వెళ్లమంటున్నారు మా ఆఫీసులో. వెళ్తాను. యాడ్ స్క్రీన్‌షాట్, అడ్వాన్సు వేసిన మెసేజ్ ఉన్నాయి. మిగతా రెండు లక్షల పది వేలకి రుజువు అడిగితే "మన మధ్య రసీదులేంటి" అన్న మాటే ఉంది నా దగ్గర.

ట్రాన్స్‌ఫర్ కేసు, వెనక క్రౌన్-పినియన్ సెట్టు, బ్రేకులు కలిపి డెబ్బై వేల దాకా అవుతుందన్నారు మేస్త్రి గారు. బండి ఆయన దగ్గరే ఉంది. మా అమ్మ రోజూ "జీపు ఎప్పుడొస్తుందిరా, అన్నవరం వెళ్దామన్నావు" అని అడుగుతోంది.

కొనేవాళ్లకి నాకు తెలిసింది రెండు ముక్కలు. వెళ్లగానే ముందు ఇంజన్ మీద చెయ్యి పెట్టండి, వేడిగా ఉంటే మీరొచ్చే ముందే స్టార్ట్ చేశారని. ఓ సీసాలో డీజిల్, ఓ పాత గుడ్డ మీరే తీసుకెళ్లండి. ఫోర్ బై ఫోర్ అంటే వెనక రెండు చక్రాలూ జాకీ మీద లేపి, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు తీసి, రెండింటినీ కలిపి ఒక చుట్టు తిప్పుతూ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో సుద్ద గీత పెట్టి లెక్కించండి. తర్వాత ముందు వైపు కూడా అలాగే, చక్రాల మధ్యలో ఉండే హబ్బులు లాక్ చేసి (లాక్ చేస్తేనే చక్రంతో పాటు షాఫ్ట్ తిరుగుతుంది). రెండు లెక్కలూ ఒకటే రావాలి. తెల్ల చొక్కా వద్దు.

ఆ ఆకుపచ్చ బండి యాడ్‌లో చివరి లైను చూశారా? "ఫ్రంట్ షాఫ్ట్ తీసి ఉంది, కావాలంటే బిగించి ఇస్తాం." చూడ్డానికి వెళ్లేవాళ్లు వెళ్లండి. ఆయన టీ తెప్పించేదాకా మాత్రం ఆగకండి. ఆ కుర్రాడు ఇంకా అక్కడే పనిచేస్తుంటే మీరే రోడ్డవతల కొట్టుకి తీసుకెళ్లి టీ ఇప్పించి, ఆ రోజు నాతో ఏం చెప్పబోయాడో అడగండి.