కాన్సస్ గడ్డి మైదానాలు: ఎక్కడ ఆగాలి, ఎక్కడ పడుకోకూడదు

కాన్సస్ రాష్ట్రంలో మేము తిరిగిన గడ్డి మైదానానికి గాని, చిత్తడి నేలలకు గాని ప్రవేశ రుసుము లేదు. ఆ మైదానాల నడుమనే ఉందని చెప్పుకున్న ఒక అద్దె ఇంటికి మాత్రం రెండు రాత్రులకు 444 డాలర్ల 10 సెంట్లు ముందుగానే కట్టాము. ఆ ఇంటి ఏ కిటికీలోంచి చూసినా ఒక్క గడ్డిపరక కనిపించలేదు. కాన్సస్ సిటీ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లను వారాంతంలో ఎక్కడికి తీసుకువెళ్లాలా అని మాలాగే వారూ ఆలోచిస్తుంటారు కనుక, ఏది చూడదగినదో, ఎవరిని నమ్మకూడదో వివరంగా రాయాలనిపించింది.

మా మామయ్యగారిది నందికొట్కూరు దగ్గర పల్లె, జీవితమంతా సేద్యం చేసిన మనిషి. అమెరికా వచ్చిన దగ్గరనుంచి గుళ్లూ దుకాణాలూ బంధువుల ఇళ్లూ చూసి విసిగిపోయి, "ఈ దేశంలో రైతు ఎక్కడుంటాడో ఒకసారి చూపించండి" అని అడిగారు. అక్టోబరు చివరి వారంలో మావారు సెలవు పెట్టారు. అత్తయ్యగారు ముందురాత్రే పులిహోర కలిపి, చపాతీలు చేసి, గోంగూర పచ్చడి సీసా పక్కన పెట్టారు. మా అబ్బాయికి మాత్రం గడ్డి చూడటానికి రెండు గంటలు కారులో కూర్చోవడం ఏమిటో అర్థం కాక, ఎంపోరియా దాటేదాకా మూతి ముడుచుకునే ఉన్నాడు.

మొదట ఆగింది స్ట్రాంగ్ సిటీ పక్కనున్న టాల్‌గ్రాస్ ప్రెయరీ నేషనల్ ప్రిజర్వ్ అనే రక్షిత గడ్డి మైదానం దగ్గర. ఒకప్పుడు ఉత్తర అమెరికా నడిమి భాగంలో దాదాపు 17 కోట్ల ఎకరాల్లో ఎత్తైన గడ్డి పెరిగేదట. ఇప్పుడు అందులో నాలుగు శాతం కూడా మిగలలేదు, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ఫ్లింట్ హిల్స్ అనే ఈ గుట్టల్లోనే ఉంది. తక్కినదంతా నాగలి కింద పడి మొక్కజొన్న, సోయా పొలాలుగా మారితే ఇది మాత్రం ఎందుకు మిగిలిందో అక్కడి ఉద్యోగిని చెప్పకముందే మామయ్యగారు కనిపెట్టారు. దారి పక్కన మట్టి కొట్టుకుపోయిన చోట కాలితో తన్ని చూసి, "ఇదంతా చెకుముకి రాయి, దీంట్లో మడక దిగదు" అన్నారు. అసలు కారణం సరిగ్గా అదే. పైన జానెడు మట్టి, కింద సున్నపురాయి, దాంట్లో పొరలు పొరలుగా చెకుముకి రాళ్లు ఉండటంతో వలస వచ్చిన రైతులు ఈ గుట్టలను దున్నలేక పశువుల మేతకు వదిలేశారు. ఏటా వసంతంలో పశువుల కాపరులు గడ్డికి నిప్పు పెడతారు. చెట్లు మొలిచి మైదానాన్ని ఆక్రమించకుండా ఆపేది ఆ నిప్పే. గడ్డి వేళ్లు పది అడుగులకు మించి లోతుకు దిగి ఉంటాయి కాబట్టి, పైన కాలిన కొద్ది రోజులకే మళ్లీ చిగురిస్తుంది.

ప్రిజర్వ్ విస్తీర్ణం దాదాపు 11 వేల ఎకరాలు. 1996లో ఏర్పడిన దీనిని నేషనల్ పార్క్ సర్వీస్, నేచర్ కన్సర్వెన్సీ అనే ప్రకృతి రక్షణ సంస్థ కలిసి చూసుకుంటున్నాయి. 1881లో కట్టిన సున్నపురాతి మేడ, మూడంతస్తుల రాతి కొట్టం అక్కడ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆ రాతి గోడల మీద చెయ్యి పెట్టి మామయ్యగారు బేతంచెర్ల నాపరాళ్ల గురించి మా అబ్బాయికి చాలాసేపు చెప్పారు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. పైన బైసన్‌లు (అమెరికా అడవి దున్నలు) ఉన్న మేత భూమి దాకా నడవలేనని ఆవిడ ముందే చెప్పేశారు. అక్కడి ఉద్యోగిని ఆ మాట విని, మేమడగకుండానే కారు ఎక్కడ నిలిపితే తక్కువ నడకతో గడ్డిలోకి వెళ్లవచ్చో పటం మీద గుర్తుపెట్టి ఇచ్చింది. ఆవిడ కూర్చోవడానికి నీడలో ఉన్న బల్ల కూడా చూపించింది. పైసా తీసుకోని చోట ఇంత శ్రద్ధ చూపిన ఆ అమ్మాయికి నేను ఇప్పటికీ కృతజ్ఞురాలిని.

మిగతా వాళ్లం పైకి నడిచాము. అక్టోబరు చివరికి బిగ్ బ్లూస్టెమ్ గడ్డి రాగి రంగుకు తిరుగుతుంది, కంకి మా అబ్బాయి తలను దాటి ఉంది. 2009లో దక్షిణ డకోటాలోని విండ్ కేవ్ నుంచి 13 బైసన్‌లను తెచ్చి ఇక్కడ వదిలారు, ఆ సంతతే ఇప్పుడు పెరిగింది. కాలిబాట వాటి మేత భూమి గుండానే పోతుంది కనుక వంద గజాల దూరం తగ్గకుండా చూసుకోవాలి. మాకు గుట్ట అంచున పదిహేను దాకా కనిపించాయి. అప్పటిదాకా అలిగి ఉన్న మా అబ్బాయి అక్కడినుంచి కదలనన్నాడు. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలూ నడవగల పెద్దలూ ఉంటే ఇక్కడ సగం రోజు కేటాయించండి. గంటలో చూసి వెళ్లిపోయేవారికి ఇది ఖాళీ నేలలాగే కనిపిస్తుంది.

కాటన్‌వుడ్ ఫాల్స్‌లో 1873 నాటి న్యాయస్థాన భవనం బయటినుంచి చూసి పడమటికి బయలుదేరాము. మెక్‌ఫెర్సన్ దాటాక గుట్టలు పోయి నేల చదునైంది. అక్కడే మామయ్యగారు కారు ఆపమన్నారు. రోడ్డుకు రెండు వైపులా నడుము ఎత్తు కూడా లేని జొన్న చేలు, ఎర్రటి కంకులతో కోతకు వచ్చి ఉన్నాయి. అమెరికాలో జొన్న అన్నిటికన్నా ఎక్కువగా పండేది కాన్సస్‌లోనే. అందులో ఎక్కువ భాగం పశువుల దాణాకు, ఇథనాల్‌కు పోతుందని మావారు చెబితే మామయ్యగారు నమ్మలేకపోయారు. ఒక కంకిని చేత్తో ఎత్తి చూసి, గింజ గట్టిదని మెచ్చుకుని, "రొట్టెకు పనికొచ్చే జొన్న గదా ఇది" అని దారిపొడవునా బాధపడ్డారు.

ఇక ఆ ఇంటి సంగతి. గ్రేట్ బెండ్‌కు అరగంట దూరంలో ఒక చిన్న ఊళ్లో ఉంది, ఊరి పేరు రాయను. ప్రకటనలో గడ్డి మైదానం మీద సూర్యాస్తమయం బొమ్మ, "కింది అంతస్తులో పడకగది, వృద్ధులకు అనుకూలం" అన్న మాట చూసి తీసుకున్నాము. రాత్రికి 129 డాలర్ల చొప్పున 258, శుభ్రం చేసినందుకు 95, సేవా రుసుము 52.40, పన్నులు 38.70. చీకటి పడుతుండగా చేరి చూస్తే ఇంటి వెనుక గోడకు ఆనుకున్నట్టుగా ధాన్యం నిల్వచేసే ఎత్తైన సిమెంటు గోదాము ఉంది. కోతల కాలం కావడంతో ధాన్యం ఆరబెట్టే యంత్రాల ఫ్యాన్లు రాత్రంతా ఆగకుండా తిరిగాయి. రైతు పని రైతు చేసుకుంటున్నాడు, ఆ చప్పుడును నేను తప్పుపట్టను. అక్కడ అలాంటిది ఉందని దాచి, ఎక్కడో తీసిన మైదానం బొమ్మ పెట్టి అద్దెకిచ్చిన మనిషిని తప్పుపడుతున్నాను.

కింది అంతస్తు పడకగది అన్నది, లాగితే మంచంగా మారే పాత సోఫా. నిజమైన పడకగదులు రెండూ పైన ఉన్నాయి, వాటికి నిట్రమైన ఇరుకు చెక్క మెట్లు. ఒక మెట్టు మీద పట్టుకోవడానికి కమ్మీ ఊడిపోయి ఉంది. అత్తయ్యగారు ఆ మెట్లు చూసి ఏమీ అనకుండా సోఫా మీద దుప్పటి పరచుకున్నారు. ఆవిడ ఫిర్యాదు చేసే మనిషి కాదు, అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది. హీటరు మీట చుట్టూ ప్లాస్టిక్ పెట్టె బిగించి తాళం వేశారు. అది 64 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఆగి ఉంది. బయట గాలి విసురుకు కిటికీ సందుల్లోంచి చలి కొడుతుంటే డెబ్బై దాటిన ఇద్దరు పెద్దవాళ్లను స్వెట్టర్లతో పడుకోబెట్టవలసి వచ్చింది. యజమానికి సందేశం పంపితే గంటన్నర తరువాత "ఆ ఉష్ణోగ్రత చాలామందికి సరిపోతోంది" అని జవాబు వచ్చింది. పడకగది సంగతి అడిగితే, ప్రకటనలో "పడుకునే స్థలం" అనే ఉందని వాదించాడు. నా దగ్గర ప్రకటన పేజీ బొమ్మ ఉంది, అందులో పడకగది అనే ఉంది. అది పంపాక ఆ రాత్రికి జవాబే లేదు. వంటింటి తలుపుకు అంటించిన కాగితంలో మాత్రం, వెళ్లేముందు దుప్పట్లు ఉతికి ఆరవేయాలనీ, చెత్త తీసుకెళ్లి వీధి చివర వేయాలనీ, లేకపోతే మరో 50 డాలర్లు పట్టుకుంటామనీ రాసి ఉంది. ఆ పనులన్నీ మేమే చేయాలంటే 95 డాలర్లు దేనికి తీసుకున్నట్టు?

పొద్దున్నే సామాను సర్దుకుని గ్రేట్ బెండ్‌లోని ఒక మామూలు మోటెల్‌కు మారాము. కింది అంతస్తు గది, రెండు పెద్ద మంచాలు, వేడి నీళ్లు, పన్నుతో కలిపి 96 డాలర్ల 18 సెంట్లు. మా అబ్బాయికి అదనపు మంచం అడిగితే నవ్వుతూ ఊరికే ఇచ్చారు. ఈ ప్రాంతంలో ఎవరడిగినా నేను చెప్పే మాట ఒకటే: ఎంపోరియా, గ్రేట్ బెండ్, హచిన్‌సన్ వంటి ఊళ్లలో మామూలు మోటెల్ తీసుకోండి. మైదానాన్ని మైదానంలోనే చూడండి, కిటికీలోంచి చూపిస్తామనే వాళ్లకు డబ్బు కట్టకండి.

భోజనం విషయంలో నేను భయపడినంత కష్టం కాలేదు. మోటెల్ దగ్గర చిన్న ఫలహారశాలలో మేము మాంసం తినమని చెప్పగానే వంట చేసే ఆవిడ స్వయంగా బయటికి వచ్చింది. బీన్స్ కూరలో పంది మాంసం ముక్కలు వేస్తామనీ, అది తీసుకోవద్దనీ, బంగాళదుంపలు కూడా మాంసం కాల్చే పెనం మీదే వేయిస్తామనీ నిజం చెప్పింది. వేరే మూకుట్లో నూనెతో వేయించి ఇస్తానంది. ఉల్లిపాయలు, పచ్చిమిరప వేసిన బంగాళదుంపల వేపుడు, వెన్న రాసి కాల్చిన రొట్టె, జున్ను తెచ్చింది. అత్తయ్యగారు సంచిలోంచి గోంగూర పచ్చడి తీసి కాస్త ఆవిడకు పెట్టారు. ఆవిడ రుచి చూసి ఇంకాస్త అడిగి వేయించుకుంది. అయిదుగురికి 52 డాలర్లు అయింది, మనసు నిండి 12 డాలర్లు టిప్పు ఇచ్చాము.

గ్రేట్ బెండ్ దగ్గరున్న చిత్తడి నేల షయాన్ బాటమ్స్, 41 వేల ఎకరాల సహజమైన పల్లం. కట్టల మీద కారులోనే తిరిగి బాతులను చూడవచ్చు. అది బాతుల వేట కాలం కావడంతో తుపాకి చప్పుళ్లు వినిపించి మా అబ్బాయి బెదిరిపోయాడు. పిల్లలుంటే పక్కనున్న వెట్‌ల్యాండ్స్ ఎడ్యుకేషన్ సెంటర్‌కు ముందు వెళ్లండి. అది కూడా ఉచితమే. అక్కడ చెప్పిన సలహా వల్లనే మరునాడు తెల్లవారకముందే క్వివిరాకు బయలుదేరాము.

క్వివిరా నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్ 1955లో ఏర్పడింది, 22,135 ఎకరాలు. భూగర్భంలోని ఉప్పు ఊటనీరు పైకి వచ్చి కలిసే చిత్తడి నేల అది. అక్టోబరు చివర అక్కడ సూర్యోదయం దాదాపు ఎనిమిదికి. ఏడుంబావుకల్లా బిగ్ సాల్ట్ మార్ష్ దగ్గర ఉండాలి. వెలుగు వస్తుండగా నీళ్లలో రాత్రి గడిపిన శాండ్‌హిల్ కొంగలు వేలకు వేలు అరుచుకుంటూ జొన్న చేల వైపు లేచాయి. వాటి సందడి తగ్గాక, నీళ్లలో ఇంకా నిలబడి ఉన్న మూడు తెల్లని పక్షులను అక్కడే ఉన్న ఒక స్థానిక పెద్దమనిషి తన టెలిస్కోపులో మామయ్యగారికి చూపించాడు. అవి హూపింగ్ కొంగలు: తల్లీ తండ్రీ, ఇంకా గోధుమ రంగు పూర్తిగా వదలని పిల్ల. అయిదడుగుల ఎత్తుండే ఈ పక్షులు 1940ల మొదట్లో పాతిక కూడా మిగలలేదు. కెనడాలో గుడ్లు పెట్టి, టెక్సాస్ తీరానికి పోయే ఆ జాతి సంఖ్య ఇప్పుడు అయిదు వందలు దాటింది. అవి ఆగినన్నాళ్లూ క్వివిరాలో నీటిపక్షుల వేట ఆపేస్తారని ఆయన చెప్పాడు.

మామయ్యగారు టెలిస్కోపు వదిలి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత రోళ్లపాడు గురించి చెప్పారు. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేసిన ఆ గడ్డి నేల ఆయన ఊరికి దగ్గరే. చిన్నప్పుడు జొన్న చేల గట్ల మీద ఆ పిట్టలు నడుస్తుంటే చూసిన మనిషి ఆయన. ఇప్పుడు అవి అక్కడ కనిపించడం లేదని చెబుతున్నప్పుడు గొంతు మారింది. క్వివిరాకూ నీటి కష్టం ఉంది. పైనున్న రైతులు బోర్లతో నీళ్లు తోడటం వల్ల రాటిల్‌స్నేక్ క్రీక్ అనే వాగులో నీళ్లు తగ్గి, ఈ నేల నీటి హక్కుకు భంగం కలుగుతోందని రాష్ట్ర జలవనరుల ముఖ్య ఇంజనీరు 2016లో తేల్చారు. అది విని మామయ్యగారు, "పైనోళ్లు పట్టుకుంటే కిందోళ్లకు ఏముంటుంది? మా కె.సి. కాలువ కిందా ఇదే తగాదా" అన్నారు. రైతు పక్షానా, కొంగ పక్షానా ఒకేసారి ఉండటం ఆయనకు కష్టంగా లేదు, బోరు లోతు ఎంత, ఎవరికెన్ని ఎకరాలు అని ఆ పెద్దమనిషిని మావారి చేత అడిగించారు.

హచిన్‌సన్ మీదుగా సాయంత్రానికి ఇల్లు చేరాము. పెట్రోలుకు మొత్తం 61 డాలర్లు. వెళ్లేవారు క్వివిరాలోకి పోయేముందే ట్యాంకు నింపుకోండి, లోపల దుకాణం లేదు. వాన పడిన మరునాడు మట్టి రోడ్ల మీదికి చిన్న కారు తీసుకెళ్లకండి. గాలి విపరీతం కనుక పెద్దవాళ్లకు చెవులు మూసే టోపీలు తప్పనిసరి. ఇక ఆ ఇంటి డబ్బులో, ప్రకటన బొమ్మా మెట్ల ఫొటోలూ పంపి మూడు వారాలు వెంటపడితే శుభ్రం చేసే 95 డాలర్లు, ఉండని రెండో రాత్రి 129 డాలర్లు తిరిగి వచ్చాయి. మిగతాది రాలేదు. బుక్ చేసిన రోజే ప్రకటన పేజీని ఫొటో తీసి దాచుకోండి, మాకు ఆ 224 డాలర్లు వచ్చింది దానివల్లనే.