"ఎక్స్ పీపీ" అన్న కార్డు చూసి కేసు అప్పగించకండి, మేం చేసిన తప్పు అదే

ముందే చెప్తున్నాను, లాయర్ పేరు రాయను, ఊరు కూడా రాయను. లాయర్ల తప్పుల మీద విచారణ చేసే బార్ కౌన్సిల్‌లో ఫిర్యాదు ఇచ్చాం, అది నడుస్తోంది. ఇంట్లో ఎవరి మీదైనా క్రిమినల్ కేసు పడి, మంచి లాయర్ కోసం తిరుగుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మా తమ్ముడి మీద కొట్లాట కేసు. పక్క స్థలం వాళ్లతో ప్రహరీ గోడ దగ్గర మొదలైన మాటామాటా పెరిగింది, కర్రతో కొట్టాడని వాళ్లు ఫిర్యాదు ఇచ్చారు. అరెస్టు చేయలేదు, స్టేషన్లో నోటీసు ఇచ్చి పంపారు. కొన్నాళ్లకు మేజిస్ట్రేట్ కోర్టులో చార్జిషీటు వేశారు. మా ఇంట్లో అంతకుముందు కోర్టు మెట్లెక్కినవాళ్లే లేరు. నెట్‌లో వెతికితే ఎక్కడ చూసినా ఒకటే సలహా: గతంలో ప్రాసిక్యూటర్‌గా, అంటే క్రిమినల్ కేసుల్లో ప్రభుత్వం తరఫున వాదించే లాయర్‌గా చేసినవాళ్లని పెట్టుకోండి, అవతలివాళ్ల ఎత్తులన్నీ అతనికి తెలుస్తాయి అని. వినడానికి బాగానే ఉంది కదా. సరిగ్గా అప్పుడే ఒక బంధువు కార్డు తెచ్చిచ్చాడు. దాని మీద లాయర్ పేరు కంటే "ఎక్స్ పీపీ" (మాజీ పబ్లిక్ ప్రాసిక్యూటర్) అన్నదే పెద్ద అక్షరాల్లో ఉంది.

ఆఫీసు గోడ నిండా శాలువాల ఫొటోలు. చార్జిషీటు సెట్టు చేతికిస్తే తెరవకుండానే బల్ల మీద పక్కకు జరిపారు. "అక్కడున్న ఏపీపీ నా దగ్గర పని నేర్చుకున్నవాడేనమ్మా. మీరేం టెన్షన్ పడకండి, కేసు కొట్టేయిస్తాను" అన్నారు. ఏపీపీ అంటే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్, మా కోర్టులో ప్రభుత్వం తరఫు లాయర్. ఆయన ఆ మాట అన్నప్పుడే లేచి వచ్చేయాల్సింది. మేం హమ్మయ్య అనుకున్నాం. ఫీజులో సగానికి పైగా ఆ రోజే ఇచ్చేశాం. రసీదు అడిగితే "మన మధ్య రసీదులేంటమ్మా" అని నవ్వారు. తర్వాత "పై ఖర్చులు" అని ఇంకో రెండుసార్లు తీసుకున్నారు. ఏ ఖర్చో నాకు ఇప్పటికీ తెలీదు.

ఎనిమిది వాయిదాల్లో ఆయన కోర్టు హాల్లో కనిపించింది రెండుసార్లు. మిగతా రోజుల్లో ఒక జూనియర్ కుర్రాడు వచ్చి, సార్ సెషన్స్ కోర్టులో ఉన్నారు అని చెప్పి తేదీ తీసుకుని వెళ్లేవాడు. ఫిర్యాదుదారుడిని, అంటే పీడబ్ల్యూ 1ని (ప్రాసిక్యూషన్ మొదటి సాక్షిని) విచారించే రోజున ఆ కుర్రాడు కూడా రాలేదు. చీఫ్, అంటే ప్రభుత్వం తరఫు ప్రశ్నలు, పూర్తయింది. జడ్జిగారు తమ్ముడి వైపు చూసి, "మీ లాయర్ ఏరీ?" అన్నారు. వాడు ఫోన్ చేయడానికి బయటికి పరుగెత్తాడు, రింగవుతోంది గానీ ఎత్తడం లేదు. మధ్యాహ్నం దాకా ఆగారు, అప్పటికీ రాలేదు. సాయంత్రం కోర్టు కేసుల వివరాలు చూపించే ఈకోర్ట్స్ యాప్‌లో ఆ రోజు నమోదు చూశాను. ముద్దాయి తరఫున ఎవరూ హాజరు కాలేదు, క్రాస్ (ఎదుటి పక్షం లాయర్ సాక్షిని ప్రశ్నించడం) నిల్. అంత చిన్న మాట. దాని అర్థం ఏంటంటే, ఫిర్యాదుదారుడు చెప్పిన ప్రతి ముక్కా ఎవరూ ప్రశ్నించకుండానే రికార్డులో ఉండిపోతుంది.

ఆ తర్వాతే ఆరా తీయడం మొదలుపెట్టాం. ముందే చేయాల్సిన పని. ఆయన ఎక్కువ కాలం చేసింది ఏజీపీగా (అసిస్టెంట్ గవర్నమెంట్ ప్లీడర్), అంటే ప్రభుత్వం తరఫున సివిల్ కేసులు చూసే పని. భూముల దావాలు, నష్టపరిహారాలు. అడిషనల్ పీపీ పోస్టు ఖాళీగా ఉన్నప్పుడు కొన్ని నెలలు ఇన్‌చార్జిగా ఉన్నారట. అంటే కార్డు మీద ఉన్నది పచ్చి అబద్ధమూ కాదు, అదే బాధ.

జనం నోట్లో అందరూ "గవర్నమెంటు లాయర్లే" గానీ లోపల చాలా తేడా ఉంది. మేజిస్ట్రేట్ కోర్టుల్లో ప్రభుత్వం తరఫున ఉండేది ఏపీపీలు. మన రెండు రాష్ట్రాల్లోనూ పోటీ పరీక్ష రాసి ఉద్యోగంలోకి వస్తారు, ఏళ్ల తరబడి అదే పని చేస్తారు. సెషన్స్ కోర్టుల్లో పీపీ, అడిషనల్ పీపీ పోస్టులకు మామూలుగా ప్రాక్టీసులో ఉన్న అడ్వకేట్ల నుంచే తీసుకుంటారు. కనీసం 7 ఏళ్ల ప్రాక్టీసు ఉండాలి, కలెక్టరు సెషన్స్ జడ్జిని సంప్రదించి ప్యానెల్ తయారుచేస్తారు, ఆ పేర్లలోంచి ప్రభుత్వం నియమిస్తుంది. నియామకం ఒక నిర్ణీత కాలానికే. ఆ పేర్ల వెనుక పార్టీలు ఏమాత్రం ఉంటాయో కోర్టు ఆవరణలో టీ కొట్టు దగ్గర పది నిమిషాలు నిలబడితే అర్థమవుతుంది. కాబట్టి "మాజీ పీపీ" అనేది ఇరవై ఏళ్లు వందల మంది సాక్షులను విచారించిన మనిషీ కావచ్చు, నాలుగు నెలలు కుర్చీలో కూర్చున్న మనిషీ కావచ్చు.

ఇంకో సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది. నెట్‌లో మేం చదివిన ఆ సలహా అమెరికాది. అక్కడ ఎవరి మీద ఏ నేరం మోపాలో నిర్ణయించేది ప్రాసిక్యూటరే, ఎక్కువ కేసులు విచారణ దాకా వెళ్లకుండా ఆయనతో బేరం దగ్గరే తేలిపోతాయి. అక్కడ ఆ ఆఫీసులో పనిచేసిన అనుభవానికి విలువ ఉందంటే అర్థముంది. ఇక్కడ దర్యాప్తు పోలీసులది, చార్జిషీటు వేసేదీ పోలీసులే. ప్లీ బార్గెయినింగ్, అంటే నేరం ఒప్పుకుని శిక్ష తగ్గించుకునే బేరం, మన చట్టంలోకి 2006లో వచ్చింది, అదీ ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో కొన్నింటికే. మా కోర్టులో దాని ఊసెత్తినవాళ్లే కనపడలేదు. "ఆ ఏపీపీ నా మనిషే" అన్న మాటకు ఇక్కడ ఎంత విలువుందో దీన్నిబట్టి చూసుకోండి. ఒకవేళ నిజంగానే అలాంటి పరిచయాలతో పని నడిపిస్తానంటే అది ఇంకా భయపడాల్సిన విషయం.

లాయర్‌ని మార్చుకుంటామని చెప్పగానే మర్యాద మారిపోయింది. మిగతా ఫీజు కడితేనే ఫైలు, ఎన్‌ఓసీ (వేరే లాయర్‌ని పెట్టుకోవడానికి అభ్యంతరం లేదనే కాగితం) ఇస్తానన్నారు. ఇది చాలామందికి జరుగుతుంది కాబట్టి గట్టిగా చెప్తున్నాను: ఫీజు బాకీ ఉందని క్లయింటు ఫైలు పట్టుకుని కూర్చునే హక్కు అడ్వకేటుకు లేదని సుప్రీంకోర్టు 2000లోనే ఆర్.డి. సక్సేనా కేసులో తేల్చింది. కొత్త లాయర్ ఆ తీర్పు ప్రస్తావిస్తూ ఒక నోటీసు పంపారు, మూడో రోజు గుమస్తా వచ్చి ఫైలు ఇచ్చి వెళ్లాడు. తెరిచి చూస్తే కోర్టు ఇచ్చిన చార్జిషీటు సెట్టుకు మూలన ఉన్న పిన్ను అలాగే ఉంది. కాగితం మడత కూడా పడలేదు. ఇన్ని నెలలు అది ఆ బల్ల మీదే పడి ఉందన్నమాట.

కొత్త లాయర్ ఒక మేడమ్. ఎప్పుడూ ఏ పీపీ పోస్టూ చేయలేదు. ఆ పిన్ను పీకి, కాగితాలు వరసగా బల్ల మీద పరిచి, గంటసేపు మాతో ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూపించారు. ఫిర్యాదులో గొడవ జరిగింది రాత్రి ఏడింటికి. ఆసుపత్రి గాయాల సర్టిఫికెట్‌లో అతను అక్కడికి వచ్చిన టైము సాయంత్రం ఆరుంపావు. దెబ్బ తగలకముందే ఆసుపత్రికి వెళ్లాడా అని అడిగితే ఏం చెప్తాడో చూద్దాం అన్నారు. పోలీసుల ముందు కర్ర అన్నవాడు కోర్టులో ఇనప రాడ్డు అన్నాడు, అదీ గుర్తు పెట్టుకున్నారు. ఆ ప్రశ్నలు అడగాలంటే ముందు సాక్షిని వెనక్కి పిలిపించాలి. రీకాల్ పిటిషన్ వేస్తే జడ్జిగారు అనుమతించారు, కాస్ట్స్ మాత్రం వేశారు. రానిది లాయరు, డబ్బు కట్టింది మేము.

నా బాధ మాజీ ప్రాసిక్యూటర్ల మీద కాదు. నిజంగా ఏళ్లు చేసినవాళ్లకు పంచనామా ఎక్కడ బలహీనంగా ఉంటుందో, పంచనామా మీద సంతకం చేసిన ఏ మధ్యవర్తి కోర్టులో మాట మార్చి హాస్టైల్ అవుతాడో కాగితం చూడగానే తెలుస్తుందని మేడమే చెప్పారు. కాకపోతే ఆ మాట నిజమో కాదో చూసుకోవాల్సింది మనమే. ఏ కోర్టులో, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఏ పోస్టు అని మొహమాటం లేకుండా అడగండి. నిజంగా చేసినవాళ్లు తడుముకోకుండా చెప్తారు. ఈకోర్ట్స్‌లో అడ్వకేట్ పేరుతో వెతికితే ఇప్పుడు ఏ కేసుల్లో ఉన్నారో కొంతవరకు తెలుస్తుంది. మీ కేసుకే పూర్వం ప్రభుత్వం తరఫున ఆయన సలహా ఇచ్చి ఉంటే ఇప్పుడు మీ తరఫున నిలబడకూడదు, బార్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది. గెలిస్తేనే మిగతా ఫీజు అన్నా అదే పుస్తకం ఒప్పుకోదు. అసలు అడ్వకేట్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదు. మాజీ జడ్జి అని, మాజీ అడ్వకేట్ జనరల్ అని బోర్డు మీద రాసుకోవడం కూడా నిషేధమే. అలాంటప్పుడు ఒక కార్డు అంత గొప్పలు పోతుంటే మాకు అనుమానం రావాల్సింది.

అన్నిటికంటే ముందు సాక్షుల క్రాస్ ఎవరు చేస్తారో అడగండి. మీరేనా, జూనియరా? జవాబు ఫీజు కాగితం మీద రాయించుకోండి. డబ్బు ఆన్‌లైన్‌లోనే పంపండి, "పై ఖర్చులు" కూడా.

మోసపోయాక కన్స్యూమర్ కోర్టుకు వెళ్దామనుకున్నాం. ఆ దారి మూసుకుపోయింది. లాయర్ల సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని 2024 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు అడ్వకేట్స్ చట్టం సెక్షన్ 35 కింద ఫిర్యాదు పెట్టాం. రసీదులు లేవు, ఉన్నవి క్రాస్ నిల్ అన్న ఆ ఆర్డరు కాపీ, తమ్ముడి ఫోన్లో ఆ రోజు ఎత్తని పదకొండు కాల్స్.

పీడబ్ల్యూ 1 క్రాస్ అయిపోయింది. ఆసుపత్రి టైము గురించి అడిగితే "గుర్తులేదు" అన్నాడు. వచ్చే నెల డాక్టరు సాక్ష్యం. మేడమ్ వస్తానన్నారు. నేను మాత్రం ముందు రోజు రాత్రి ఆవిడకు ఒకసారి ఫోన్ చేస్తాను, ఆ అలవాటు ఇక పోదు.