ఎనిమిది బతుకమ్మలకు పాట మోసిన లైన్ ట్రాన్స్‌ఫార్మర్లు

మాది నర్సంపేట దగ్గరి ఊరు. గుడి నుంచి చెరువు కట్ట దాకా 400 మీటర్లు, దారి పొడుగునా ఆరు హారన్లు (గొట్టం స్పీకర్లు). మొదట్లో ఆరింటినీ ప్యారలల్‌గా కలిపి 100 వాట్ల ఆంప్లిఫయర్ 4 ఓముల టెర్మినల్‌కు ఇచ్చేవాణ్ణి. హారన్లలో శబ్దం పుట్టించే యూనిట్లన్నీ 16 ఓములవి కాబట్టి మొత్తం 2.7 ఓములకు పడిపోయేది, అంటే ఆంప్లిఫయర్ మోయగలిగే దానికంటే ఎక్కువ భారం. ఆంప్లిఫయర్ వేడెక్కేది, ఫ్యూజు పోయేది. గుడి దగ్గర చెవులు గింగురుమనేవి, కట్ట మీద గుసగుస. సద్దుల బతుకమ్మ నాడు ఒక పెద్దమ్మ వచ్చి, "బిడ్డా, పాట ఇనవడ్తలేదు, అడుగెట్ల ఎయ్యాలె?" అన్నది. ఆ మాట నన్ను చానా రోజులు పట్టుకున్నది.

తర్వాత హన్మకొండలో ఆరు లైన్ మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మర్లు కొని, హారన్‌కొకటి బిగించి, ఆంప్లిఫయర్ 100 వోల్టుల టెర్మినల్ నుంచి ఒకే లైను లాగాను. లైనులో వచ్చే ఎక్కువ వోల్టేజీని ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ తన హారన్‌కు సరిపడేంతకు తగ్గిస్తుంది.

తేడా ఎందుకొచ్చిందంటే, 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు 400 మీటర్లు పోయి రావడానికి దాదాపు 10 ఓములు. 16 ఓముల యూనిట్ ముందు అది పెద్ద గండి, మూడో వంతుకు మించి వోల్టేజీ దారిలోనే పోతుంది. 15 వాట్ల ట్యాప్‌కు (హారన్ ఎన్ని వాట్లు తీసుకోవాలో ఎంచుకునే కనెక్షన్) పెట్టిన ట్రాన్స్‌ఫార్మర్ లైనుకు సుమారు 667 ఓములుగా కనిపిస్తుంది. దాని ముందు ఆ 10 లెక్కలోకే రాదు.

నాకు అన్నిటికంటే నచ్చింది ట్యాపులు. గుడి దగ్గరి రెండూ 5 వాట్లు, వీధిలోవి 10, కట్ట మీదివి 15. కూడితే 60. ఆంప్లిఫయర్‌కున్న వాట్లలో 80 శాతం దాటనివ్వను. ఎనిమిదేళ్లలో మళ్లీ ఫ్యూజు మార్చలేదు.

లోపాలూ ఉన్నాయి. ఒకసారి 12 అంగుళాల బాక్సును ఇట్లాంటి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ మీదుగా కలిపితే డోలు దెబ్బ ముద్దయిపోయింది. దాని లోపలి చిన్న ఇనుప కోరు లోతైన శబ్దాన్ని మోయలేదు. డీజే బాక్సులకు ఇవి వద్దు, నేరుగా 8 ఓములకే ఇవ్వండి. లైనులో ఎక్కడ షార్టయినా ఊరంతా మూగబోతుంది. ఒక ఏడు వానకు ఒక్క జాయింటు తడిసి గంటసేపు పాట ఆగింది. 100 వోల్టులంటే షాకు కొడుతుంది, ఆంప్లిఫయర్ బంద్ చేయకుండా తీగ ముట్టొద్దు.

ఈసారి చెరువు మెట్ల దగ్గర ఏడో హారన్ పెట్టాం, 15 వాట్లకు. లెక్క 75 అయింది. ఎనిమిదోది పెడితే 5 వాట్లకే, 80 దాటొద్దు కదా.