తిరుపతిలో ఎన్‌ఐపీటీ రక్తపరీక్ష: దేనికి నమ్మొచ్చు, దేన్ని అడగకూడదు

ఎయిర్ బైపాస్ రోడ్డు వైపున్న ఒక డయాగ్నొస్టిక్ సెంటర్‌లో ఈమధ్యే ఎన్‌ఐపీటీ (కడుపులో బిడ్డ క్రోమోజోముల్లో తేడాలున్నాయేమో తల్లి రక్తంలో చూసే పరీక్ష) చేయించుకున్నాను. చేయించుకునే ముందు దీని గురించి తెలుగులో వివరంగా ఒక్కచోట కూడా నాకు దొరకలేదు, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా. సెంటర్ పేరు రాయడం లేదు. ఇక్కడ రక్తం తీసుకుంటారు అంతే, పరీక్ష జరిగేది బయట పెద్ద ఊళ్లోని ల్యాబ్‌లో, కాబట్టి ఇది ఎక్కువగా పరీక్ష మీద రివ్యూ అనుకోండి. పరీక్షకి ఐదుకి ఐదు, కౌంటర్ దగ్గర మాట్లాడే తీరుకి రెండు.

నాకు 36 ఏళ్లు, రెండో కాన్పు. ఎన్‌టీ స్కాన్ (మూడో నెలలో బిడ్డ మెడ వెనక నీరు కొలిచే స్కాన్) బాగానే ఉంది గానీ డబుల్ మార్కర్‌లో (అప్పుడే తల్లికి చేసే ఇంకో రక్తపరీక్ష) రిస్క్ మధ్యస్థంగా వచ్చింది. ఆ కాగితం చూసిన రోజు నుంచి ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. మా డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది: డబుల్ మార్కర్, ఎన్‌టీ స్కాన్ రెండూ కలిపినా డౌన్ సిండ్రోమ్ (21వ క్రోమోజోమ్ ఒకటి ఎక్కువుండి బిడ్డ ఎదుగుదల మందగించే సమస్య) ఉన్న నూరు మంది బిడ్డల్లో 85 నుంచి 90 మందిని పట్టుకుంటాయి, పైగా ఏ సమస్యా లేని చాలామంది తల్లుల్ని కూడా ఊరికే భయపెడతాయి, ఎన్‌ఐపీటీ అయితే 99 మంది దాకా పట్టుకుంటుంది, తప్పుడు భయాలూ బాగా తక్కువ. మాయ నుంచి విడిపోయిన డీఎన్‌ఏ ముక్కలు తల్లి రక్తంలో తిరుగుతుంటాయట, ఈ సంగతిని 1997లో డెన్నిస్ లో అనే శాస్త్రవేత్త బృందం బయటపెట్టింది. 10 వారాలు నిండాక చేతి నుంచి రక్తం తీసి ఆ ముక్కల్ని లెక్కపెడతారు. కడుపులోకి సూది వెళ్లదు కాబట్టి బిడ్డకి ఏ ప్రమాదమూ లేదు. ఖర్చు మాత్రం ఎక్కువే, మాకు పదిహేను వేలు దాటింది.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. "రక్తంలోనే అన్నీ తెలుస్తాయంట కదా, పాపో బాబో కూడా చెప్తారా?" మా అత్తయ్య అడిగింది, మా పాకాల పెద్దమ్మ ఫోన్ చేసి అడిగింది, ఎదురింటావిడ కూడా అడిగింది. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కాదు, ఆత్రం కొద్దీ అడిగినవాళ్లే. మన దేశంలో చెప్పరు, చెప్పకూడదు. 1994లో చేసిన చట్టం ప్రకారం కడుపులో బిడ్డ ఆడో మగో మాటతో గానీ సైగతో గానీ ఇంకే రకంగా గానీ చెప్పడం నేరం. చెప్పిన డాక్టరుకి మొదటిసారే మూడేళ్ల దాకా జైలు, చెప్పించుకోవాలని వెంటపడిన భర్తకీ బంధువులకీ అంతే, వాళ్లకి జరిమానా యాభై వేల దాకా. ఏ స్కాన్ సెంటర్‌కి వెళ్లినా గోడ మీద బోర్డు కనిపిస్తుంది చూడండి, స్కాన్‌కి ముందు ఫారం ఎఫ్ నింపి మన చేత సంతకం చేయించుకునేదీ ఇందుకే. నా ఎన్‌ఐపీటీ రిపోర్టులో ఆ వివరం రాసే గడే లేదు. అదే సరైన పద్ధతి.

అయితే "చెప్పరు" అంటే "తెలియదు" అని కాదు, ఇక్కడే జనం ఎక్కువ గందరగోళపడతారు. మగవాళ్లలోనే ఉండే వై క్రోమోజోమ్ తాలూకు ముక్క రక్తంలో దొరికితే అబ్బాయి, దొరక్కపోతే అమ్మాయి, సూత్రం అంతే. ఈ రకం పరీక్షల మీద వచ్చిన 57 అధ్యయనాల్ని కలిపి చూసి 2011లో ఒక అమెరికా వైద్య పత్రిక వేసిన లెక్క ఉంది: అబ్బాయిలున్న చోట నూటికి 95 సార్లు పట్టుకుంది, అమ్మాయిలున్న చోట 98కి పైగా సరిగ్గా చెప్పింది. ఏడు వారాల లోపు చేస్తే నమ్మడానికి లేదు, వారాలు పెరిగే కొద్దీ నమ్మకం పెరిగింది. అంటే గట్టి పరీక్షే, కానీ పొరపాటు పడదని కాదు. మొదట కవలలుండి ఒక పిండం ముందే కరిగిపోతే దాని డీఎన్‌ఏ కొన్ని వారాలు తల్లి రక్తంలోనే ఉంటుంది, తల్లికి ఎప్పుడో మగవాళ్ల అవయవం అమర్చి ఉంటే దాని డీఎన్‌ఏ కూడా కలుస్తుంది, ఇద్దరు బిడ్డలుంటే వై కనిపించినా అది ఒకరిదా ఇద్దరిదా తెలియదు.

స్కానింగ్ సంగతీ అంతే. విదేశాల్లో 1999లో వచ్చిన ఒక అధ్యయనంలో 11 వారాలప్పుడు స్కాన్‌లో చూసి చెప్పింది నూటికి 70 సార్లే నిజమైంది, 13 వారాలు వచ్చేసరికి అన్నీ నిజమయ్యాయి. మరి తొలి నెలల్లోనే గ్యారంటీ అని చెప్పేవాడి మాటకి ఏం విలువ ఉంది?

ఇక ఇంట్లో చెప్పుకునేవి. కడుపు ముందుకొస్తే బాబు, పక్కలకొస్తే పాప అని మా జేజి చెప్పేది. కడుపు ఆకారం తల్లి కండరాల బిగువును బట్టీ బిడ్డ పడుకున్న తీరును బట్టీ ఉంటుంది, ఆడామగాతో దానికి సంబంధం లేదు. బిడ్డ గుండె నిమిషానికి 140 సార్ల కంటే వేగంగా కొట్టుకుంటే అమ్మాయి అనేదీ నిలబడలేదు. వాట్సాప్‌లో తిరిగే చైనా క్యాలెండర్‌ని స్వీడన్‌లో 28 లక్షల కాన్పుల మీద సరిచూస్తే సగం సార్లే కలిసింది, నాణెం ఎగరేసినా అంతే వస్తుంది. మూత్రంలో వంటసోడా వేసి నురగ చూడటం కూడా చేస్తున్నారు, నురగ వచ్చేది మూత్రంలోని ఆమ్లం వల్ల, ఆ రోజు ఏం తిన్నాం ఎన్ని నీళ్లు తాగాం అన్నదాన్ని బట్టి అది మారుతుంది.

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించిన విషయం. ఈ సెంటర్‌కి రాకముందు రేటు కనుక్కుందామని ఊళ్లోనే ఇంకో చోటికి వెళ్లాం. అక్కడ శాంపిళ్లు తీసుకెళ్లే మనిషి ఒకతను మా అత్తయ్యని పక్కకి పిలిచి, "అమ్మా, రిపోర్టులో రాయరు గానీ ఫోన్‌లో చెప్పిస్తాం, కొంచెం ఎక్స్‌ట్రా అవుతుంది, తప్పయితే మీ డబ్బు మీకు వాపసు" అన్నాడు. మా అత్తయ్య నా చెయ్యి పట్టుకుని అక్కడి నుంచి బయటికి తీసుకొచ్చేసింది, ఆవిడ మీద నాకున్న గౌరవం ఆ రోజు రెట్టింపైంది. ఆ వాపసు మాటలోని మోసం చూడండి: వచ్చినవాళ్లందరికీ కళ్లు మూసుకుని "బాబే" అని చెప్పినా సగం మందికి అది నిజమవుతుంది, వాళ్ల డబ్బు మిగులుతుంది, తక్కిన సగానికి తిరిగిచ్చేస్తే గొడవ లేదు. పరీక్షే చేయక్కర్లేదు. పైగా "పాప" అని అబద్ధం చెప్పి, ఆ మాట మీద ఒక ఇంట్లో కడుపు తీయించేస్తే ఆ ప్రాణం ఎవరి లెక్కలో వేసుకోవాలి? నిజంగానే పాప అయితే మాత్రం? మన దేశంలో ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకి ఆడపిల్లలు 1991లో 945 మంది ఉంటే 2001లో 927కి పడిపోయారు, 2011లో 920 కూడా లేరు. నాకు మొదటిది పాప. ఆ మనిషి మాట వింటున్నప్పుడు నా కళ్ల ముందు అదే ఉంది. మేం జిల్లా వైద్య ఆరోగ్య శాఖ కార్యాలయంలో రాసిచ్చి వచ్చాం. మీకెవరైనా ఇలా ఎదురైతే మీరూ రాసివ్వండి, ఇలాంటి కేసులో అరెస్టుకి వారెంటు అక్కర్లేదు, బెయిలూ హక్కుగా రాదు.

మేం చేయించుకున్న సెంటర్‌లో ఆ పాడుపని లేదు, అత్తయ్య అడగగానే అక్కడి సిస్టర్ నవ్వుతూనే "చెప్పకూడదమ్మా, అడగనూ కూడదు" అంది. రక్తం తీసిన పద్ధతి శుభ్రం, ట్యూబు మీద పేరూ వయసూ నాతోనే చదివించి అంటించారు. నచ్చనిది కౌంటర్. "ఇది చేయించుకుంటే బిడ్డ నార్మల్ అని గ్యారంటీ మేడం" అన్నారు. అలా అనకూడదు. ఇది వడపోత పరీక్ష, ఖాయం చేసే పరీక్ష కాదు. ప్రధానంగా చూసేది 21, 18, 13 క్రోమోజోముల తేడాలు, గుండెలో రంధ్రమో గ్రహణం మొర్రో ఇందులో తెలియదు, వాటికి టిఫా స్కాన్ (ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్) ఉండనే ఉంది.

హై రిస్క్ వచ్చినా వెంటనే కుంగిపోనక్కర్లేదు. వెయ్యి మందిలో ఒకరికి సమస్య ఉండే వయసు తల్లుల్ని తీసుకోండి, పరీక్ష వెయ్యికి ఒకరి దగ్గర మాత్రమే పొరపాటు పడుతుందనుకున్నా, హై రిస్క్ వచ్చిన ఇద్దరిలో ఒకరి బిడ్డ బాగానే ఉంటుంది. వయసు పెరిగితే ఈ లెక్క మారుతుంది, నా వయసుకి హై రిస్క్ అంటే నిజమయ్యే అవకాశం ఎక్కువ. ఎవరికైనా సరే, ఉమ్మనీరు తీసి చేసే పరీక్షతో ఖాయం చేసుకోకుండా ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. ఈ మాట కౌంటర్‌లో ఎవరూ చెప్పలేదు, మా డాక్టరమ్మే చెప్పింది. రక్తంలో బిడ్డ డీఎన్‌ఏ సరిపడా లేకపోతే మళ్లీ శాంపిల్ అడుగుతారు, తల్లి బరువు ఎక్కువుంటే ఇలా జరిగే అవకాశం ఎక్కువ. రెండోసారికి డబ్బు తీసుకుంటారా లేదా అన్నది ముందే అడిగి బిల్లు మీద రాయించుకోండి, మేం అడిగితే తీసుకోమని రాసిచ్చారు.

మాకు లో రిస్క్ అని వచ్చింది. రిపోర్టు వాట్సాప్‌లో పంపి ఊరుకున్నారు, సంతకం, ముద్ర ఉన్న కాగితం కోసం మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. టిఫా స్కాన్ రోజు డాక్టర్లు ఆ కాగితమే అడుగుతారు, శాంపిల్ ఇచ్చిన రోజే ప్రింట్ కావాలని చెప్పి రండి.