విదేశంలో ఉన్న పెన్షనర్లకు జీవన్ ప్రమాణ్ ఎంతవరకు పనికొస్తుంది?

పిల్లల దగ్గర అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటున్న పెన్షనర్లకు దసరా దాటిందంటే లైఫ్ సర్టిఫికెట్ (బతికే ఉన్నామని ఏటా ఇచ్చే ధ్రువపత్రం) బెంగ పట్టుకుంటుంది. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లయితే నవంబరు 1 నుంచి 30 లోపు ఇవ్వాలి, 80 ఏళ్లు నిండినవారికి అక్టోబరు 1 నుంచే అవకాశం ఉంది. గడువు దాటితే డిసెంబరు నుంచి పెన్షన్ నిలిపేస్తారు. సర్టిఫికెట్ అందాక బకాయిలతో సహా వచ్చేస్తుంది గానీ, మందుల ఖర్చంతా ఆ డబ్బు మీదే నడిచేవాళ్లకు ఒక్క నెల ఆగినా కష్టమే.

ఈ సర్టిఫికెట్‌ను ఆధార్ సాయంతో డిజిటల్‌గా ఇచ్చే ప్రభుత్వ సేవ జీవన్ ప్రమాణ్ 2014 నవంబరు 10న మొదలైంది. అప్పట్లో వేలిముద్రల యంత్రమో కనుపాప స్కానరో లేనిదే పని జరిగేది కాదు కాబట్టి విదేశాల్లో ఉన్నవారికి దానివల్ల ఒరిగింది తక్కువ. 2021 నవంబరులో ముఖ గుర్తింపు వచ్చాక ఫోన్ కెమెరా ఒక్కటే చాలన్నారు. రుసుము లేదు. ఆధార్, పనిచేస్తున్న ఇండియా సిమ్, సరైన ఆండ్రాయిడ్ ఫోన్, ఈ మూడూ చేతిలో ఉన్నవారికి ఇంతకంటే మంచి దారి లేదు. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా దీనితో కుస్తీ పట్టకుండా నేరుగా కాన్సులేట్ దారి పట్టడమే మేలు.

యాప్‌లు రెండు కావాలి: ఒకటి జీవన్ ప్రమాణ్, రెండోది ఆధార్ ఫేస్ ఆర్‌డీ. ఈ రెండోదానికి ఫోన్ తెరమీద గుర్తు కనిపించదు. ఇన్‌స్టాల్ కాలేదనుకుని చాలామంది మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంటారు. అది వెనకాల ఉండి పనిచేసే యాప్. ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితా తెరిస్తే అక్కడ ఉంటుంది. అసలు చిక్కు మరోటి ఉంది. ప్లే స్టోర్ ఖాతా వేరే దేశానికి మారిపోయి ఉంటే ఈ యాప్‌లు వెతికినా దొరక్కపోవచ్చు. ఖాతా దేశాన్ని గూగుల్ ఏడాదికి ఒక్కసారే మార్చనిస్తుంది. అందుకే విమానం ఎక్కకముందే రెండూ వేసుకుని, ఒకసారి తెరిచి చూసుకుని బయల్దేరాలి.

యాప్ తెరవగానే ముందు ఆపరేటర్ (ఆ ఫోన్‌లో పని నడిపించే వ్యక్తి) వివరాలు అడుగుతుంది. ఇక్కడ కంగారు పడక్కర్లేదు. పెన్షనరే తనకు తాను ఆపరేటర్ కావచ్చు, పక్కనున్న కొడుకో కూతురో కూడా కావచ్చు, కాకపోతే వాళ్లకూ ఆధార్ ఉండాలి. ఆధార్ నంబరు, మొబైల్, ఈమెయిల్ ఇచ్చి, ఓటీపీ కొట్టి, ముఖం స్కాన్ చేస్తే ఆ దశ అయిపోతుంది. తర్వాత పెన్షనర్ వంతు. మళ్లీ ఆధార్, ఓటీపీ, ఆపైన పెన్షన్ రకం, మంజూరు చేసిన శాఖ, పెన్షన్ చెల్లించే సంస్థ, పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) నంబరు, ఖాతా నంబరు.

పొరపాట్లు ఎక్కువగా దొర్లేది ఈ తెరమీదే. పీపీఓ నంబరును జ్ఞాపకం మీద ఆధారపడి కొట్టొద్దు, కాగితం ఎదురుగా పెట్టుకోండి. చెల్లించే సంస్థ దగ్గర వేరే బ్యాంకును ఎంచుకుంటే సర్టిఫికెట్ తయారవుతుంది, కానీ వెళ్లాల్సిన చోటికి వెళ్లదు. విదేశానికి వెళ్లాక సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా (ప్రవాసుల ఖాతాగా) మార్చుకున్నవారు నంబరు మారిందేమో చూసుకుని కొత్తదే ఇవ్వాలి. సొంత పెన్షనూ, భర్తదో భార్యదో ఫ్యామిలీ పెన్షనూ రెండూ వస్తున్నవారు ఒక్కో పీపీఓకి విడివిడిగా రెండు సర్టిఫికెట్లు తీయాలి. ఒకటి తీసి ఊరుకుంటే రెండో పెన్షన్ ఆగుతుంది. మళ్లీ ఉద్యోగంలో చేరినవారికి, మళ్లీ పెళ్లి చేసుకున్నవారికి ఈ డిజిటల్ పద్ధతి వర్తించదు. వాళ్లు కాగితం మీదే ఇవ్వాలి.

ముఖం స్కాన్‌కి కిటికీ ఎదురుగా, వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోండి. కిటికీ వీపు వెనక ఉంటే ముఖం నల్లగా పడి స్కాన్ తీసుకోదు. కళ్లజోడు తీసేయండి, వెనక ఏ బొమ్మలూ లేని గోడ ఉండాలి. వలయంలో ముఖం సరిగా కుదిరాక రెప్ప వేయమంటుంది. పెద్దవాళ్లు సాధారణంగా రెప్ప వేయడంతో పాటు తల కూడా ఊపేస్తారు, స్కాన్ అక్కడే చెడుతుంది. మోచేతులు బల్లకు ఆనించి, ఫోన్‌ను వేరేవాళ్లు పట్టుకుంటే ఒకటి రెండు ప్రయత్నాల్లో అయిపోతుంది.

ఎర్రర్ వస్తే దాని నంబరు చదవండి. 300 అంటే ముఖం ఆధార్‌లో ఉన్నదానితో సరిపోలలేదని. వెలుతురు మార్చి చూసినా అదే వస్తుంటే ఆధార్‌లోని పాత ఫొటో కారణం కావచ్చు. ఫొటో మార్పించాలంటే ఇండియాలో ఆధార్ కేంద్రానికి వెళ్లాల్సిందే, కాబట్టి ఆ ఏడాదికి ఇక కాన్సులేటే గతి. 330 అంటే బయోమెట్రిక్స్‌కి తాళం వేసి ఉందని అర్థం. ఎప్పుడో భద్రత కోసం లాక్ చేసి మర్చిపోయి ఉంటారు. ఆధార్ యాప్‌లో తాత్కాలికంగా అన్‌లాక్ చేస్తే పని అయిపోతుంది, పరాయి దేశంలో ఉన్నా సరే.

అంతా సవ్యంగా సాగితే ప్రమాణ్ ఐడీ వస్తుంది. ఈ సేవలో నాకు నచ్చని విషయం ఇక్కడే ఉంది. ఐడీ రావడమంటే సర్టిఫికెట్ తయారైందని మాత్రమే. బ్యాంకో ట్రెజరీయో దాన్ని ఆమోదించాలి, తిరస్కరించనూవచ్చు. ఈ తేడాను యాప్ గట్టిగా చెప్పాల్సింది, చెప్పదు. రెండు మూడు రోజులాగి జీవన్ ప్రమాణ్ సైట్లో ప్రమాణ్ ఐడీతో స్థితి చూసుకోవడం తప్పనిసరి. నవంబరు మొదటి వారంలో చేసినవారికి తిరస్కరణ వచ్చినా సరిదిద్దుకోవడానికి సమయం మిగులుతుంది. 28న మొదలుపెట్టినవారికి మిగలదు.

ఇక సైట్ల సంగతి. విదేశీ ఐపీ చిరునామా (నెట్‌లో మనం ఏ దేశం నుంచి వస్తున్నామో తెలిపే నంబరు) నుంచి కొన్ని ప్రభుత్వ సైట్లు తెరుచుకోవు. తెల్లటి పేజీ వస్తుంది, లేదా 403 అని కనిపిస్తుంది. వెంటనే వీపీఎన్ (మనం వేరే దేశంలో ఉన్నట్టు చూపించే సేవ) కొనమని సలహా ఇస్తుంటారు. కొనేముందు ఒక విషయం తెలుసుకోండి. వినియోగదారుల వివరాలు అయిదేళ్లు దాచాలని 2022 ఏప్రిల్‌లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశం ఇచ్చాక ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, నార్డ్ వీపీఎన్ లాంటి పెద్ద సంస్థలు ఇండియాలోని తమ సర్వర్లు తీసేశాయి. ఎక్స్‌ప్రెస్ వీపీఎన్‌లో ఇండియా అని కనిపించేవి సింగపూర్‌లోనో బ్రిటన్‌లోనో ఉంటూ ఇండియా ఐపీ ఇచ్చే సర్వర్లు. ఒక్కో సైటు వాటిని ఒప్పుకుంటుంది, ఒక్కోటి పసిగట్టి ఆపేస్తుంది. బ్యాంకు యాప్‌లు అయితే వీపీఎన్ కనిపిస్తే చాలు, తెరుచుకోనని మొరాయించవచ్చు.

దీనికంటే నమ్మకమైన మార్గం ఇండియా సిమ్ మీద ఇంటర్నేషనల్ రోమింగ్ డేటా. రోమింగ్‌లో డేటా సాధారణంగా మన మొబైల్ ఆపరేటర్ గేట్‌వే దాకా ఇండియాకు వెళ్లి అక్కడి నుంచి ఇంటర్నెట్‌లోకి వస్తుంది. అందుకే మీరు డల్లాస్‌లో కూర్చున్నా సైటుకు కనిపించేది ఇండియా ఐపీయే. వైఫై కట్టేసి, అతి తక్కువ రోజుల ప్యాక్ వేసుకుని, సర్టిఫికెట్, పన్ను, పీఎఫ్ పనులన్నీ ఒకేసారి కూర్చుని ముగించండి. లాప్‌టాప్‌కి ఆ ఫోన్ నుంచే హాట్‌స్పాట్ ఇచ్చినా ఇదే ఫలితం.

ఆ సిమ్‌ని బతికించుకోవడమే అన్నిటికంటే ముఖ్యం. ప్రీపెయిడ్ సిమ్ 90 రోజులు ఏ వాడకమూ లేకుండా ఉంటే ఆపరేటర్ దాన్ని రద్దు చేసి నంబరు వేరేవాళ్లకు ఇచ్చేయవచ్చు. అప్పుడు బ్యాంకు ఓటీపీలు కూడా ఆ పరాయి ఫోన్‌కే పోతాయి. వ్యాలిడిటీ రీచార్జ్ ఏడాదిదే ఒకేసారి చేయించి, రోమింగ్ సదుపాయాన్ని ఇండియాలో ఉండగానే ఆన్ చేయించుకోండి.

ఈపీఎస్-95 (పీఎఫ్ సంస్థ ఇచ్చే పెన్షన్ పథకం) పెన్షనర్లకు నవంబరు గొడవ లేదు. ఏ నెలలో ఇచ్చినా ఆ రోజు నుంచి 12 నెలలు చెల్లుతుంది. ఇండియా వచ్చినప్పుడు ఇంటికొచ్చిన పోస్ట్‌మ్యాన్ చేత చేయించుకుని వెళ్లిపోవచ్చు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పెన్షనర్లకు గడువు జనవరి, ఫిబ్రవరి నెలలు. కేంద్రం తేదీలతో కలిపేసుకోకండి.

విదేశీ పౌరసత్వం తీసుకుని ఓసీఐ (భారత సంతతి విదేశీయులకు ఇచ్చే కార్డు) మీద ఉన్నవారికి ఆధార్ రావాలంటే అంతకుముందు 12 నెలల్లో 182 రోజులు ఇండియాలో ఉండి ఉండాలి. ఆ అవకాశం లేనివారికి జీవన్ ప్రమాణ్ అక్కరకు రాదు. భారత రాయబార కార్యాలయం లేదా కాన్సులేట్ అధికారి సంతకంతో లైఫ్ సర్టిఫికెట్ తీసుకోవాలి. పాస్‌పోర్టు, పీపీఓ నకలు, నింపిన ఫారం పట్టుకెళ్లాలి, సంతకం మాత్రం ఇంట్లో పెట్టేయొద్దు, అధికారి ఎదుటే పెట్టాలి. కదలలేని స్థితిలో ఉంటే డాక్టర్ సర్టిఫికెట్ జతచేసి పోస్టులో పంపే వీలుంది. నోటరీ, మెజిస్ట్రేట్, బ్యాంకు అధికారి సంతకం కూడా నిబంధనల ప్రకారం చెల్లుతుంది, అయితే దాన్ని ఇండియాలో మీరు అధికారమిచ్చిన వ్యక్తి బ్యాంకులో సమర్పించాలి. కొన్ని బ్యాంకు శాఖల్లో సిబ్బందికి ఈ నిబంధన తెలియక విదేశీ నోటరీ ముద్ర చూసి వెనక్కి పంపుతుంటారు. శాఖకు ముందే ఈమెయిల్ రాసి ఒప్పుకుంటారో లేదో రాతపూర్వకంగా తెప్పించుకోండి. కాగితం కొరియర్‌లో చేరాక కూడా పని సగమే అయినట్టు. శాఖవాళ్లు దాన్ని పెన్షన్ ప్రాసెసింగ్ సెంటర్ కంప్యూటర్‌లో ఎక్కించేదాకా పెన్షన్ కదలదు. అందుకని కాగితం అందినట్టు రసీదు అడగండి, వారం తర్వాత ఎక్కించారా అని ఫోన్ చేసి కనుక్కోండి.