సింగిడి రంగుల వెండి నాణెమా, మసకబారినదా, తెల్లగా తోమినదా: ఏది మేలు?

నా బల్ల మీద రెండు చిన్న వెండి నాణేలున్నాయి. రెండూ పశ్చిమ భారతాన్ని ఏలిన శక రాజులైన పశ్చిమ క్షత్రపుల్లో ఒకడైన రెండవ రుద్రసేనుడివి, అంటే క్రీస్తు శకం మూడవ శతాబ్దపు రెండో సగానికి చెందినవి. ఒక్కొక్కటి సుమారు రెండు గ్రాములు తూగుతుంది, బొటనవేలి గోరంత ఉంటుంది. మా మేనమామ ముప్పై ఏళ్ల కిందట ఈ రెండింటినీ ఒకే కుప్పలోంచి ఏరి కొన్నారు. అప్పుడు రెండూ ఒకే బూడిద రంగులో ఉండేవని ఆయన చెప్పేవారు. ఒకటి కాగితపు కవరులో, మా ఇంటి టేకు బీరువా సొరుగులో కదలకుండా ఉండిపోయింది. రెండవదాన్ని నేను హనుమకొండలో ఒక వెండి దుకాణానికి తీసుకువెళ్లి మెరుగు పెట్టించాను. వెండి అంటే తెల్లగా ఉండాలని అప్పట్లో నాకు గట్టి నమ్మకం. దుకాణం వారు దాన్ని ఏదో ద్రావకంలో ముంచి తీసి, బ్రష్షుతో రుద్ది, కుంకుడు నురుగుతో కడిగి ఐదు నిమిషాల్లో చేతిలో పెట్టారు. ఈ జంటను పక్కపక్కన పెట్టి చూసిన ప్రతిసారీ, పాత వెండి నాణేన్ని ఏ రూపంలో ఉంచుకోవడం మేలన్న ప్రశ్న గురించి నాకు పుస్తకాలకంటే ఇవే ఎక్కువ నేర్పాయనిపిస్తుంది.

మన ముందున్న దారులు మూడు. తెల్లగా తోమిన వెండి ఒకటి, ఏళ్ల తరబడి తాకకుండా ఉంచడం వల్ల బూడిద రంగు నుంచి నలుపు దాకా మసకబారిన వెండి రెండవది, అంచుల్లో బంగారం, ఊదా, నీలం కలిసి సింగిడిలా మెరిసే వెండి మూడవది. ఈ మూడవదాన్నే సేకర్తలు టోనింగ్ అని ముచ్చటగా చెప్పుకుంటారు, దానికి అదనపు ధర కూడా పెడతారు. నిజానికి రెండవదీ మూడవదీ ఒకే మార్పులోని వేర్వేరు దశలు.

వెండికి మామూలు గాలితో పెద్ద ఇబ్బంది లేదు. దాన్ని నల్లబరిచేది గంధకం. గాలిలో అతి కొద్దిగా ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు తగిలినప్పుడు వెండి ఉపరితలం సిల్వర్ సల్ఫైడ్‌గా మారుతుంది. కోడిగుడ్డు తిన్న వెండి చెంచా నల్లబడేది ఇందుకే. గాలిలో తేమ ఎక్కువైతే ఈ పని త్వరగా జరుగుతుంది కాబట్టి మన దగ్గర వానాకాలంలో పూజ సామాను తొందరగా మసకబారుతుంది. ఆ పొర ఇంకా పదుల నానోమీటర్ల మందంలోనే ఉన్నప్పుడు, పొర పైభాగాన తగిలి వెనుదిరిగే వెలుగూ, పొరను దాటి అడుగున ఉన్న వెండిని తాకి వెనుదిరిగే వెలుగూ ఒకదానితో ఒకటి కలిసి కొన్ని రంగులను పెంచుతాయి, కొన్నింటిని అణచివేస్తాయి. అందువల్ల మొదట లేత పసుపు, ఆ తరువాత బంగారు వన్నె, ఎరుపు కలిసిన ఊదా, ఆపైన నీలం కనిపిస్తాయి. పొర ఇంకా మందమైతే రంగులు కలగాపులగమై, చివరకు బూడిదలోకి, నలుపులోకి దిగుతాయి. వాన పడ్డ రోడ్డు మీద నూనె చుక్క చూపించే రంగులది ఇదే కథ. దసరా నాడు ఊరి బయటికి వెళ్లి చూసే పాలపిట్ట రెక్కలోని నీలం పుట్టే తీరు కొంత వేరైనా, అక్కడ కూడా నీలిరంగు పదార్థమంటూ ఏదీ లేదు. ఈకలోని అతి సన్నని అల్లిక వెలుగును చెదరగొట్టడం వల్ల ఆ రంగు పుడుతుంది. పూత లేకుండానే రంగు పుట్టడంలో ఉన్న వింతే టోనింగ్ మీద మనసు పడేలా చేస్తుంది, ఆ మోజును నేను తక్కువ చేయను.

తెల్ల వెండి వైపు వాదించేవారు ఒక మంచి మాట చెబుతారు. టంకశాల నుంచి బయటికి వచ్చిన రోజున నాణెం తెల్లగానే మెరిసింది కదా, ఆ రూపానికి తిరిగి తేవడంలో తప్పేమిటని అడుగుతారు. కరీంనగర్ వెండి తీగ పనిని చూసి పెరిగినవారికి ఈ మాట మరీ సబబుగా తోస్తుంది. భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పనిలో వెంట్రుకలాంటి తీగను మెలిపెట్టి, చుట్టి, అతికిన తరువాత వచ్చే తెల్లదనం కళాకారుడు కోరి తెచ్చినది. నాణెం సంగతి వేరు. రెండు అచ్చుల మధ్య లోహం ఒత్తిడికి అంచుల వైపు ప్రవహించినప్పుడు ఉపరితలం మీద కంటికి ఆనని గీతలు ఏర్పడతాయి, కొత్త నాణెపు జిలుగు వాటి నుంచే వస్తుంది. ఆమ్లం కలిసిన ద్రావకంలో ముంచినప్పుడు సల్ఫైడుతో పాటు ఆ గీతల పై పొర కూడా కొంత కరిగిపోతుంది. తరువాత వచ్చే తెల్లదనంలో కాంతి ఉంటుంది గానీ ఆ జిలుగు ఉండదు. పైగా నేలలో శతాబ్దాలు గడిపిన వెండి చాలాసార్లు లోపల పెళుసుబారి ఉంటుంది, సన్నని పగుళ్లలోకి ద్రావకం దిగితే దాన్ని పూర్తిగా కడిగి తీయడం కష్టం. చింతపండు, విభూతి, పళ్లపొడి వంటి ఇంటి పద్ధతులు ఇంకా చెడ్డవి. కుందికీ హారతి పళ్లేనికీ అవి పనికివస్తాయి, ఎందుకంటే అక్కడ అర మిల్లీమీటరు ఎత్తున్న రాజు ముక్కు అరిగిపోతుందన్న భయం లేదు.

అల్యూమినియం రేకు, వంటసోడా, వేడినీళ్ల పద్ధతిని కూడా చాలామంది మెచ్చుకుంటారు. అందులో సల్ఫైడు తిరిగి వెండిగా మారుతుంది కాబట్టి లోహం పోదన్నది నిజమే. అయితే అలా తిరిగి వచ్చిన వెండి మునుపటి వరుసలో కూర్చోదు, నాణెం సున్నం రాసినట్లు చదునుగా, నిర్జీవంగా కనిపిస్తుంది.

ఇప్పుడు నా రెండు నాణేల దగ్గరకు వస్తాను. క్షత్రపుల వెండి నాణెం మీద ముందువైపు కుడివైపుకు చూసే రాజు తల ఉంటుంది, తల వెనుక శక సంవత్సరం బ్రాహ్మీ అంకెల్లో ఉంటుంది. వెనుకవైపు మూడు కమానుల కొండ, కింద అలల గీత, పైన చంద్రవంక, సూర్యుడు, వాటి చుట్టూ తండ్రి పేరుతో సహా రాజు పేరు బ్రాహ్మీ లిపిలో ఉంటాయి. అచ్చుకంటే నాణెపు బిళ్ల చిన్నది కావడం వల్ల అక్షరాల తలలు తరచుగా అంచు దగ్గర తెగిపోతాయి. ఇంత చిన్న బిళ్ల మీద చదవవలసినది ఇంత ఉంది కాబట్టి, ఈ పోలికలో చదవగలగడమన్నదే నాకు మొదటి తూకం. తాకని నాణెం మీద గుంటల్లో నలుపు నిలిచి, ఎత్తైన భాగాలు లేత బూడిదగా తేలాయి. అందువల్ల రాజు మీసం, చెవి, మెడ మీది జుత్తు గీసినట్లు కనబడతాయి. తల వెనుక నూరు గుర్తూ, తొంభై గుర్తూ స్పష్టంగా ఉన్నాయి. తరువాతి అంకె ఉండవలసిన చోటు అంచుకు తెగిపోయింది. అంటే శక సంవత్సరం కనీసం 190, దానికి 78 కలిపితే ఈ నాణెం క్రీస్తు శకం 268కి ముందుది కాదని చెప్పవచ్చు. తెల్లగా తోమిన నాణెం మీద అదే చోట రెండు మెరిసే గడ్డలు కనిపిస్తాయి. అవి అంకెలని తెలిసినవారికే తెలుస్తుంది, ఏ అంకెలో నేను ఇప్పటికీ చెప్పలేను. వెలుగు అంతటా ఒకేలా తిరిగి రావడంతో కన్ను పట్టుకోవడానికి నీడ మిగలలేదు.

సింగిడి రంగుల నాణెం ఈ తూకంలో మధ్యలో నిలుస్తుంది. పలుచని రంగు గుంటల్లో ఒక వన్నెగా, ఎత్తుల మీద మరో వన్నెగా పడినప్పుడు అది బొమ్మకు ప్రాణం పోస్తుంది. బంగారు వన్నె మధ్య నుంచి నీలపు అంచు దాకా మెల్లగా మారే రంగులో రాజు ముఖం తెరలోంచి తేలివచ్చినట్లు ఉంటుంది. అయితే గాఢమైన నీలం, ఊదా చారలు బొమ్మ గీతలను లెక్కచేయకుండా అడ్డంగా పరుచుకుంటే, చూసేవారి కన్ను రంగు దగ్గరే ఆగిపోతుంది. అలాంటి నాణేన్ని చూపించినప్పుడు అందరూ రంగును మెచ్చుకుంటారు. ఏ రాజుదని అడిగేవారు తక్కువ.

ప్రాచీన నాణెం విషయంలో ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి. నేలలో ఉన్న వెండికి మట్టిలోని ఉప్పు వల్ల సిల్వర్ క్లోరైడు పట్టి, కొమ్ములాంటి మందపాటి గోధుమ-బూడిద పెంకు ఏర్పడుతుంది. తవ్వి తీసిన వెండి నాణేల్లో చాలావాటిని ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు శుభ్రం చేసే ఉంటారు. అందువల్ల రెండు వేల ఏళ్ల నాణెం మీద కనిపించే సింగిడి రంగు సాధారణంగా దాని ప్రాచీనతకు సాక్ష్యం కాదు. నేల నుంచి బయటికి వచ్చి కాగితంలోనో, చెక్క అరలోనో గడిపిన కాలానికి సాక్ష్యం. దాన్ని చిన్నచూపు చూడనక్కరలేదు, ఆ కాలాన్ని ఎవరో శ్రద్ధగా కాపాడారని అది చెబుతుంది. కానీ "రంగుంది కాబట్టి అసలైన పాత నాణెం" అనే మాటను నమ్మి డబ్బు పెట్టకూడదు.

దొంగ రంగుల బెడద కూడా ఇక్కడే ఉంది. వేడిచేసి, గంధకపు పొగ పట్టించి, గంధకపు ద్రావణాల్లో ముంచి ఒక్క పూటలో ఏళ్ల రంగు తెచ్చేవారున్నారు. రసాయనికంగా రెండూ చాలావరకు ఒకటే కాబట్టి ప్రతి నాణేన్నీ ఖచ్చితంగా తేల్చడం ఎవరి తరమూ కాదు. అయినా కొన్ని గుర్తులు పనికివస్తాయి. అంచు నుంచి గాలి తగిలిన నాణెంలో అంచున నీలం, దాని లోపల ఊదా, ఇంకా లోపల బంగారు వన్నె అనే వరుస ఉంటుంది, ఆ వరుస తారుమారైతే అనుమానించాలి. ఎత్తైన అక్షరాల చుట్టూ రంగు సన్నగా వెనక్కి తగ్గి ఉండటం మంచి గుర్తు. ఈమధ్య పడిన గీత లోపల కూడా బయటి రంగే నిండుగా ఉంటే, ఆ రంగు గీతకంటే తరువాత వచ్చినదే. నాణేన్ని కిటికీ దగ్గర ఒకే దిక్కు వెలుగులో మెల్లగా వంచి చూడాలి, అసలైన పొర రంగు వంచినకొద్దీ మారుతుంది. ఫోటో ఒక్కటే చూసి కొనేవారికి నా మనవి ఏమిటంటే, రంగును పెంచి చూపించడం ఈరోజుల్లో ఫోనులో ఒక వేలు జరిపినంత పని.

సింగిడి రంగు నిస్సందేహంగా గెలిచే చోటు ఒకటుంది, అది ప్రాచీన నాణెం కాదు. నిజాం కాలపు చార్మినార్ రూపాయిలు మన వైపు చాలా ఇళ్లలో ఇంకా ఉన్నాయి. సుమారు 11.18 గ్రాముల బరువు, నూటికి 81.8 పాళ్ల వెండి, మిగతా రాగి ముఖ్యంగా ఉన్న ఆ రూపాయి యంత్రం మీద ముద్రించినది. మూటలో పడి వాడకంలోకి రాకుండా నిలిచిన రూపాయికి టంకశాల జిలుగు అలాగే ఉంటుంది. దాని మీద పట్టిన రంగు ఆ నాణేనికి పుట్టినప్పటి నుంచి పెరిగిన మొదటి చర్మం. కింద జిలుగు, పైన పలుచని రంగు కలిసినప్పుడు చార్మినార్ మినార్ల వెనుక తెల్లవారుతున్న ఆకాశంలా ఉంటుంది. అలాంటి రూపాయిని దీపావళికి లక్ష్మీపూజలో పెట్టడం కోసం తోమేవారిని చూస్తే నా మనసు చివుక్కుమంటుంది. పూజకు వేరొక అరిగిన రూపాయిని కేటాయించమని మా ఇంట్లో చెప్పి ఒప్పించాను.

ఉత్తర తెలంగాణలో ఈ ప్రశ్నకు ఇంకొక బరువు కూడా ఉంది. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో, పెద్దబంకూరులో, ధూళికట్టలో శాతవాహనుల కాలపు నాణేలు విస్తారంగా దొరికాయి. వాటిలో ఎక్కువభాగం సీసం, రాగి, పోటిన్ (రాగి, తగరం, సీసం కలిసిన మిశ్రలోహం) నాణేలు. వెండిలో విద్ధాంక నాణేలు, అంటే చిన్న చిన్న గుర్తులను విడివిడిగా కొట్టిన నాణేలు కనిపిస్తాయి, రాజు తల ఉన్న శాతవాహన వెండి నాణేలైతే అరుదైనవి. వానలు పడ్డాక చేలల్లో నాణెం తేలితే మొదట చేసే పని చీర కొంగుకో పంచెకో రుద్దడం. మట్టి పెంకుతో ఉన్న నాణెం రంగులదానికంటే, తెల్లదానికంటే, మసకదానికంటే కూడా విలువైనది, ఎందుకంటే ఎక్కడ, ఏ పొరలో ఉన్నదో చెప్పే ఆనవాలు ఆ పెంకులో ఉండవచ్చు. 1878 నాటి నిక్షేప నిధుల చట్టం ప్రకారం అలాంటి దొరుకుబడిని జిల్లా కలెక్టరుకు తెలియజేయాలి కూడా. శుభ్రం చేయడం అవసరమైతే ఆ పని పురావస్తు శాఖలోని నిపుణుల చేతుల్లో జరగాలి.

నా తీర్పు ఇది. ప్రాచీన వెండి నాణేనికి గుంటల్లో నీడ నిలిచిన మసక వెండి మొదటిది. బొమ్మకు అడ్డురాని పలుచని సింగిడి రంగు రెండవది. దానికి కొంచెం ఎక్కువ పెట్టవచ్చు, కానీ కింద ముద్ర బాగుంటేనే పెట్టాలి. తెల్లగా తోమినది చివరిది. పీవీసీ కవరులో ఉంచడం వల్ల పచ్చని జిగురు పట్టిన నాణేన్ని మాత్రం తప్పక కడగాలి. స్వచ్ఛమైన అసిటోను ఆ జిగురును కరిగిస్తుంది, వెండి మీది రంగును తాకదు. ఆ తరువాత పొడి చోట, అంచులు పట్టుకుని మాత్రమే తీసేలా ఉంచితే చాలు.

నేను మెరుగు పెట్టించిన నాణెం కూడా ఇప్పుడు కాగితపు కవరులో, అన్న పక్కన తమ్ముడిలా అదే టేకు సొరుగులో ఉంటోంది. పదకొండేళ్లు గడిచాయి. మొన్న ఉదయం కిటికీ దగ్గర వంచి చూస్తే మూడు కమానుల కొండ కింద, అలల గీత పక్కన, లేత పసుపు వన్నె సన్నగా తేలి ఉంది. తల వెనుక అంకెలు మాత్రం ఇంకా చదవడానికి రాలేదు.