తేదీ పార్సర్‌కు పరీక్షలు: పట్టికా, ఫజ్జింగా? ఏది మేలు?

సీ భాషలో తేదీ పార్సర్ (అక్షరాల్లో రాసిన తేదీని చదివి సెకన్ల సంఖ్యగా మార్చే కోడ్) రాసేవారు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. ఫజ్జర్లు (ప్రోగ్రామ్‌కు అడ్డదిడ్డమైన ఇన్‌పుట్లు ఇచ్చి అది కూలుతుందేమో చూసే సాధనాలు) ఇంత సులువుగా దొరుకుతున్న రోజుల్లో, తేదీలూ వాటి జవాబులూ చేత్తో రాసిపెట్టే పట్టిక ఇంకా ఎందుకు అని. నా మొగ్గు పట్టికవైపే. అలాగని ఫజ్జర్ అక్కర్లేదని కాదు. అది పట్టుకునే తప్పులు వేరు, పట్టిక పట్టుకునేవి వేరు.

పట్టిక పద్ధతికి మంచి నమూనా వెబ్ నుంచి డేటా తెచ్చే కర్ల్ లైబ్రరీలోని 517వ పరీక్ష. ఒకవైపు తేదీ స్ట్రింగు (అక్షరాల వరుస), పక్కనే 1970 జనవరి 1 నుంచి లెక్కించిన సెకన్లు, అంతే. "సన్, 06 నవ్ 1994 08:49:37 జీఎంటీ" అన్నదానికి 784111777 రావాలి. వారం పేరు పూర్తిగా రాసి ఏడాదిని రెండంకెల్లో ఇచ్చిన పాత హెచ్‌టీటీపీ రూపానికీ అదే సంఖ్య రావాలి. ఎవరైనా కొత్త రూపంతో ఫిర్యాదు తెస్తే ఒక వరుస చేరిస్తే సరిపోతుంది.

అయితే పట్టిక విలువంతా కుడివైపు అంకె ఎక్కడి నుంచి వచ్చిందన్నదాని మీదే ఉంటుంది. చాలామంది ఫంక్షన్‌ను ఒకసారి నడిపి, అది ఇచ్చిన జవాబునే పట్టికలో అతికిస్తారు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. అప్పటికే ఉన్న తప్పు ఇక సరైన జవాబుగా చలామణీ అవుతుంది. ఆ అంకె తేదీని సెకన్లుగా చూపగల జీఎన్‌యూ డేట్ కమాండ్ నుంచి రావాలి, లేదా కాగితం మీద లెక్కగట్టి రాయాలి.

ఉదాహరణకు పై తేదీలోనే జీఎంటీ తీసేసి +0530 పెట్టండి. మన సమయం జీఎంటీ కంటే 19800 సెకన్లు ముందుంటుంది కనుక సరైన జవాబు 784091977. పార్సర్ 784093777 ఇచ్చిందంటే గంటలు చదివి నిమిషాలు వదిలేసిందని అర్థం. 784131577 ఇస్తే కూడికకూ తీసివేతకూ తేడా తప్పిందన్నమాట. జవాబు చూడగానే తప్పు ఏ వరుసలో ఉందో తెలిసిపోతుంది. నేపాల్ +0545 కూడా పట్టికలో ఉండాల్సిందే. అరగంటను ప్రత్యేక సందర్భంగా కోడ్‌లో ఇరికించినవారు అక్కడ దొరికిపోతారు.

తిరస్కరించాల్సిన తేదీలకూ పట్టికే చోటు. 2000 ఫిబ్రవరి 29 చెల్లుతుంది, 1900 ఫిబ్రవరి 29 చెల్లదు. 2016 డిసెంబరు 31న 23:59:60 నిజంగానే వచ్చిన లీపు సెకను, అంటే గడియారానికి అదనంగా చేర్చిన సెకను. దాన్ని ఒప్పుకుంటారో కాదంటారో మీ ఇష్టం, కానీ నిర్ణయం పట్టికలో కనబడాలి. విఫలమైతే -1 తిరిగిచ్చే ఫంక్షన్లకు ఇంకో చిక్కుంది. 1969 డిసెంబరు 31, 23:59:59 జీఎంటీకి సరైన జవాబే -1. కర్ల్ అక్కడ చిన్న యుక్తి చేసి సున్నా ఇస్తుంది. ఒక సెకను తేడా వస్తుంది గానీ, నాకు అది తెలివైన బేరంలాగే తోస్తుంది.

ఇక ఫజ్జింగ్. మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్‌తో కలిపి నడిపితే స్ట్రింగు చివర దాటి చదివే కోడ్‌ను ఇట్టే పట్టేస్తుంది. మనం ఊహించని బైట్లు ఇవ్వడంలో దానికి సాటి లేదు. తెలుగు అంకె "౬" యూటీఎఫ్-8లో మూడు బైట్లు, అన్నీ 127కి పైనే. ఎక్స్86 లినక్స్‌లో చార్ (సీలో ఒక బైటు ఉంచే రకం) రుణ విలువలనూ తీసుకుంటుంది కాబట్టి, వాటిని అన్‌సైన్డ్ చార్‌గా మార్చకుండా ఈజ్‌ఆల్ఫాకు (అక్షరమా కాదా అని చూసే ఫంక్షన్) ఇవ్వడం సీ ప్రమాణం ఒప్పని పని. ఇలాంటివి ఎవరూ చేత్తో పట్టికలో రాయరు. కానీ 1994ను 1995గా చదివినా ఫజ్జర్ చప్పుడు చేయదు. కూలిపోలేదు కదా, దానికి అంతే చాలు.

ప్రతి తేదీనీ స్ట్రింగుగా మార్చి మళ్లీ చదివించే పద్ధతి కూడా కొందరికి ఇష్టం. 1970 నుంచి 2100 చివరిదాకా 47,847 రోజులు, కంప్యూటర్‌కు అదొక పనే కాదు. అయితే రాసేదీ చదివేదీ ఒకే లీపు సంవత్సరం ఫంక్షన్‌ను వాడితే రెండు తప్పులూ ఒకదాన్నొకటి కప్పేసుకుంటాయి. పైగా పరీక్ష జరిగేది మనం రాసిన ఒక్క రూపం మీదే.

వేరే పార్సర్‌తో జవాబులు పోల్చడం వినడానికి బాగుంటుంది గానీ, ఎవరిది సరి అన్న తగువు మిగులుతుంది. ఏడాది "69" అని ఉంటే పోసిక్స్ (యూనిక్స్ తరహా వ్యవస్థల ప్రమాణం) ప్రకారం 1969, కుకీల ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 6265 ప్రకారం 2069. తేడా కనిపించాక తీర్పు చెప్పేది మళ్లీ మనిషే.

టెస్ట్ ఫ్రేమ్‌వర్క్ ఏది వాడాలని అడిగేవారికి: ఏదైనా ఫరవాలేదు. స్ట్రక్ట్ అర్రే, ఒక ఫర్ లూప్ ఉంటే పని జరిగిపోతుంది.

అంతకంటే ముఖ్యం టీజెడ్ వేరియబుల్, అంటే ఏ ప్రాంతపు సమయం వాడాలో ప్రోగ్రామ్‌కు చెప్పే సెట్టింగు. మన దేశంలో వేసవి సమయం మార్పు (గడియారాన్ని గంట ముందుకు జరిపి, తర్వాత వెనక్కి తేవడం) లేదు కాబట్టి, హైదరాబాద్‌లో కూర్చుని నడిపే పరీక్షల్లో ఎంకేటైమ్ (స్థానిక సమయాన్ని సెకన్లుగా మార్చే సీ ఫంక్షన్) మీద ఆధారపడిన కోడ్ చాలాసార్లు నిక్షేపంగా కనిపిస్తుంది. అదే పట్టికను న్యూయార్క్ సమయంతోనూ నడపండి. 2024 మార్చి 10న అక్కడ రాత్రి 2:30 అనే సమయమే లేదు. నవంబరు 3న 1:30 రెండుసార్లు వచ్చింది.

కొత్తగా మొదలుపెట్టేవారు ముందు పట్టిక రాసుకుని, దాన్ని ప్రతి మార్పుకూ నడపాలి. ఫజ్జర్‌ను రాత్రిపూట వదిలి, పార్సర్‌ను కూల్చిన ప్రతి స్ట్రింగునూ పట్టికలో ఒక వరుసగా చేర్చుకోవాలి. 32 బిట్ టైమ్_టీ (సెకన్ల సంఖ్యను ఉంచే సీ రకం) ఉన్న యంత్రం ఇంకా మీ జాబితాలో ఉంటే, అందులో పట్టని 2038 జనవరి 19, 03:14:08 జీఎంటీకి ఏ జవాబు రావాలో కూడా ఇప్పుడే రాసిపెట్టుకోండి.